జీరో వడ్డీ ఫోన్‌కు నాలుగు రూపాయల వడ్డీ

ప్రశ్న: మాది జగిత్యాల. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మామూలు నెలల్లో 9 వేల దాకా వస్తుంది, శ్రావణం నుంచి దసరా వరకు 14 వేల దాకా పోతుంది. మా వారు ఆటో నడుపుతారు, డీజిల్ ఖర్చులు పోను 14 వేలు ఇంటికి తెస్తారు. పాప ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. నా ఫోన్ కొని నాలుగేళ్లు దాటింది. మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోంది, చార్జింగ్ పిన్ లూజైంది, వాట్సాప్ తెరిస్తే హ్యాంగ్ అవుతోంది. బ్యాటరీ, పిన్ మార్చడానికి 1,200 అడిగారు. నా ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి, డబ్బులు ఫోన్‌పేలో వేస్తారు. పాప కూడా ఇదే ఫోన్‌లో క్లాసులు వింటుంది. షాపులో 7,500 ఫోన్ ఒకటి చూపించారు. ఇంకోటి 13,000, జీరో వడ్డీ ఈఎంఐ: ముందు 3,000, ప్రాసెసింగ్ ఫీజు 600, తర్వాత నెలకు 1,250 చొప్పున 8 నెలలు. క్యాష్ ఇస్తే అదే ఫోన్ 12,000కు ఇస్తామన్నారు. తెలిసినాయన ఒకరు మంచి కంపెనీ సెకండ్ హ్యాండ్ ఫోన్ 8,000కు ఇస్తానంటున్నారు, బిల్లు మాత్రం లేదట. బ్యాంకులో 9,000 ఉన్నాయి. ఇప్పుడు ఆషాఢం, చేతిలో పని తక్కువ. ఏది కొనమంటారు?
(పేరు రాయవద్దన్న పాఠకురాలు)

జవాబు: అమ్మా, ఈ నెల ఏదీ కొనకండి. 1,200 పెట్టి పాత ఫోన్ బాగు చేయించండి. వినాయక చవితి దాటాక, బతుకమ్మ ఆర్డర్ల ఒత్తిడి మొదలయ్యేలోగా, 12,000 ఫోన్‌ను పూర్తి క్యాష్ ఇచ్చి తీసుకోండి. పాత ఫోన్ పాపకు వెళ్తుంది. నా సలహా ఇదీ. ఎందుకో లెక్కలతో సహా చెబుతాను, సరిపోతుందో లేదో మీరే చూసుకోండి.

ముందు ఆ జీరో వడ్డీ సంగతి. 13,000లో 3,000 పోతే 10,000. 1,250 చొప్పున ఎనిమిది నెలలు కడితే సరిగ్గా 10,000. కాగితం మీద వడ్డీ కనిపించదు. కానీ అదే షాపు క్యాష్ ఇస్తే 12,000కే ఇస్తానంది కదా. అంటే ఆ ఫోన్ ధర 12,000. అందులో మీరు మొదటి రోజే డౌన్ పేమెంట్, ఫీజు కలిపి 3,600 కట్టేస్తున్నారు. మిగిలేది 8,400. నిజంగా మీకు ఇస్తున్న అప్పు అంతే. దానికి మీరు తిరిగి కట్టేది 10,000. ఎనిమిది నెలలకు 1,600 అదనం. నెలనెలా అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి, లెక్క కడితే ఇది నూటికి నెలకు నాలుగు రూపాయల వడ్డీ పడుతుంది. ఏడాదికి 48 శాతం పైమాటే. ఊళ్లో ఎవరైనా మిమ్మల్ని నాలుగు రూపాయల వడ్డీ అడిగితే ఆ గుమ్మం మళ్లీ తొక్కరు. ఇక్కడ మాత్రం జీరో అని బోర్డు పెట్టి అదే వసూలు చేస్తున్నారు.

సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని, అసలు వడ్డీని దాచి ఇలాంటి పథకాలు నడపవద్దని రిజర్వ్ బ్యాంక్ 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు గట్టిగా చెప్పింది. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి రిటైల్ అప్పులు ఇచ్చే ఏ బ్యాంకైనా, ఫైనాన్స్ కంపెనీ అయినా కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం తప్పనిసరిగా ఇవ్వాలి. ఫీజులన్నీ కలుపుకుని ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో రాసి ఉంటుంది. ఎప్పుడైనా ఈఎంఐ తీసుకోవాల్సి వస్తే సంతకం పెట్టేముందు ఆ కాగితం అడిగి చదవండి. ఒక్క విషయం గుర్తుంచుకోండి: క్యాష్ ఇవ్వనందుకు మీరు వదులుకున్న వెయ్యి రూపాయల తగ్గింపు అందులో కూడా కనిపించదు. అందుకే ఏ షాపులోనైనా ఈఎంఐ మాట ఎత్తకముందే “చేతిలో క్యాష్ పెడితే చివరి రేటు ఎంత?” అని అడగండి.

నన్ను ఇంకా ఎక్కువగా భయపెడుతున్నది వేరే ఉంది. మీ పాప వచ్చే ఏడాది ఇంజినీరింగ్‌లో చేరుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పోను హాస్టల్‌కో, మిగిలిన ఫీజుకో మీరు విద్యారుణానికి వెళ్లే అవకాశం ఉంది. ఆ అప్పులో మీరో, మీ వారో సహ రుణగ్రహీతగా సంతకం చేయాలి. బ్యాంకు మీ సిబిల్ స్కోర్, అంటే పాత అప్పులు ఎంత సరిగ్గా కట్టారో చెప్పే మార్కు, చూస్తుంది. ఆటో ఆదాయం ఒక వారం ఉన్నట్టు ఇంకో వారం ఉండదు. ఈఎంఐ తేదీన ఖాతాలో 1,250 లేకపోతే వాయిదా బౌన్స్ అవుతుంది, బ్యాంకు ఒక చార్జి, ఫైనాన్స్ వాళ్లు ఇంకో చార్జి వేస్తారు. కట్టడం అలాగే ఆలస్యమైతే ఆ మచ్చ సిబిల్ రిపోర్టులో పడుతుంది. ఒక ఫోన్ కోసం పాప చదువు అప్పుకు అడ్డం తెచ్చుకోవద్దు.

ఇక 7,500 ఫోన్. చూడటానికి ఇదే చవక. కానీ ఫోన్ ధరను అది మీ పనికి పనికొచ్చే నెలలతో భాగించి చూడండి. ఆ ధరలో సాధారణంగా వచ్చేది 4 జీబీ ర్యామ్ (యాప్‌లు నడవడానికి వాడే మెమరీ), 64 జీబీ స్టోరేజ్ (ఫొటోలు, వీడియోలు దాచుకునే చోటు). డబ్బా మీద 8 జీబీ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, కింద చిన్నగా 4+4 అని రాసి ఉంటుంది. ఆ రెండో నాలుగు నిజమైన ర్యామ్ కాదు, స్టోరేజ్‌లోంచి కొంత అరువు తీసుకుని వాడుకునేది. అసలు ర్యామ్ అంత వేగంగా అది పని చేయదు. 64 జీబీలో కూడా ఫోన్ సొంత సాఫ్ట్‌వేర్‌కే చాలా భాగం పోతుంది. రోజూ కస్టమర్లు పంపే మెడ డిజైన్లు, మగ్గం వర్క్ ఫొటోలు, వీడియోలతో మిగిలింది నిండిపోతుంది. మీ పాత ఫోన్‌కు ఇప్పుడు వచ్చిన జబ్బే దీనికి రెండేళ్లలో వస్తుంది. రెండేళ్లే అనుకుంటే నెలకు 312 రూపాయలు. నిజమైన 6 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్ ఉన్న 12,000 ఫోన్ జాగ్రత్తగా వాడితే నాలుగేళ్లు వస్తుంది. మధ్యలో బ్యాటరీకి ఒక వెయ్యి వేసుకున్నా నెలకు 271 రూపాయలే. మీ వాడకానికి ఎక్కువ ధర ఫోనే తక్కువ ఖర్చు. ఫోన్ మాట్లాడటానికి, పండగకి ఫొటో తీసుకోవడానికి మాత్రమే వాడే పెద్దవాళ్లు ఈ ప్రశ్న అడిగి ఉంటే 7,500దే కొనమని చెప్పేవాణ్ని.

సెకండ్ హ్యాండ్ ఫోన్ వద్దు అనడానికి కారణం దాని నాణ్యత కాదు, బిల్లు లేకపోవడం. తెలిసినాయనే కావచ్చు, ఆయనకు అది ఎవరు అమ్మారో మనకు తెలియదు కదా. దొంగిలించిన ఫోన్ అని పోలీసు రికార్డులో ఉంటే మీ డబ్బూ పోతుంది, స్టేషన్ చుట్టూ తిరగాల్సీ వస్తుంది. ఇంకా మనసు అటే లాగుతుంటే ఆ ఫోన్‌లో స్టార్ హ్యాష్ 06 హ్యాష్ (*#06#) నొక్కి, ఏ ఫోన్‌కు ఆ ఫోన్‌కే ఉండే 15 అంకెల ఐఎంఈఐ నంబర్ చూడండి. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ నంబర్ రాసి 14422కు ఎస్‌ఎంఎస్ పంపితే ఆ ఫోన్ వివరాలు, బ్లాక్ అయి ఉంటే ఆ సంగతీ వస్తాయి. టెలికం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలోనూ ఇది చూసుకోవచ్చు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా, బిల్లు దొరికితేనే ముందుకు వెళ్లండి.

డబ్బు ఎక్కడి నుంచి అంటారా? బ్యాంకులోని 9,000లో 5,000 ముట్టుకోకండి. జ్వరం వచ్చినా, ఆటో టైరు పోయినా అదే దిక్కు. మిగతా 4,000 ఫోన్‌కు తీసి పెట్టండి. ఇంకా 8,000 కావాలి. శ్రావణంలో, భాద్రపదంలో మామూలు కంటే 5 వేలు ఎక్కువ వస్తుందని మీరే రాశారు. ఆ ఎక్కువలోంచి నెలకు 4,000 పక్కన పెడితే రెండు నెలల్లో సరిపోతుంది. వరలక్ష్మీ వ్రతం ముందు బ్లౌజుల డబ్బులు ఏ రోజుకారోజు వస్తాయి, వచ్చినట్టే ఖర్చయిపోతాయి. అందుకని రాత్రి పని కట్టేశాక ఆ రోజు వాటా డబ్బాలో వేసేయండి. రిపేరు 1,200 మాత్రం ఈ నెల ఇంటి ఖర్చుల్లోంచే సర్దుకోవాలి. ఒకవేళ శ్రావణం మధ్యలో పాత ఫోన్ పూర్తిగా చేతులెత్తేస్తే, తక్కువ పడిన మొత్తం మీ పొదుపు సంఘంలో అడగండి. అక్కడ రూపాయి వడ్డీకి దొరికితే 8,400కు ఎనిమిది నెలలకు పడే వడ్డీ 380 రూపాయల లోపే. షాపు ఈఎంఐకి 1,600 అని ఇంతకుముందే చూశాం.

పాత ఫోన్ రిపేరుకు ఇచ్చే ముందు ఇంకో పని చేయండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరవండి. ఏ గ్రూపులో ఎంత నిండిందో వరుసగా కనిపిస్తుంది. గుడ్ మార్నింగ్ వీడియోలు, ఫార్వర్డ్ చేసినవి తీసేయండి. హ్యాంగ్ చాలావరకు అక్కడే తగ్గుతుంది.

కొనే రోజు షాపుకు ముదురు మెరూన్ పట్టు గుడ్డ ముక్క ఒకటి, జరీ ఉన్నది, సంచిలో వేసుకుని వెళ్లండి. మీరు కుట్టిన బ్లౌజు ఫొటో చూసే కదా కొత్త కస్టమర్ వస్తుంది. 50 మెగాపిక్సెల్ అన్న స్టిక్కర్‌ను బట్టి రంగు సరిగ్గా వస్తుందో లేదో తెలియదు. షాపులో ట్యూబ్‌లైట్ కింద ఒకటి, గుమ్మం దగ్గర ఎండలో ఒకటి తీసి, గుడ్డ పక్కన పెట్టి చూడండి. మెరూన్ ఎరుపులా కనిపించినా, జరీ తెల్లగా మెరిసిపోయినా ఆ ఫోన్ మీ పనికి రాదు. ఎండలో స్క్రీన్ చదవగలుగుతున్నారో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో, సర్వీస్ సెంటర్ జగిత్యాలలో ఉందో కరీంనగర్ వెళ్లాలో అడగండి. ఫోన్‌పే, బ్యాంకు యాప్ ఉండే ఫోన్‌కు అప్‌డేట్లు ముఖ్యం. 899కో 999కో ఇన్సూరెన్స్ అంటగడతారు, వద్దనండి. మంచి పౌచ్, టెంపర్డ్ గ్లాస్ చాలు. బిల్లు వద్దంటే ఇంకో మూడు వందలు తగ్గిస్తామన్నా ఒప్పుకోకండి. ధరలో 18 శాతం జీఎస్టీ ఎలాగూ కలిసే ఉంటుంది, వారంటీకి ఆ బిల్లే ఆధారం. బిల్లు మీద ఐఎంఈఐ నంబర్, ఫోన్‌లోది ఒకటేనా అని అక్కడే సరిచూసుకోండి. ఏదైనా తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

5జీ కోసం మాత్రం అదనంగా పైసా పెట్టకండి. మీరు ఎంచుకున్న ఫోన్‌లో ఉంటే ఉండనివ్వండి. 2024 జూలైలో రేట్లు పెంచినప్పుడు జియో, ఎయిర్‌టెల్ రెండూ అన్‌లిమిటెడ్ 5జీని రోజుకు 2 జీబీ, ఆ పైన ఉన్న ప్లాన్లకే పరిమితం చేశాయి. నెలనెలా రీచార్జ్ పెంచుకోకపోతే ఆ లాభం మీకు రాదు.

రీచార్జ్ గురించి అందరూ మరిచిపోయే లెక్క ఒకటుంది. ఆ పెంపులో జియో రోజుకు 1.5 జీబీ ప్లాన్ 239 నుంచి 299 అయింది. అది నెలకు కాదు, 28 రోజులకు. అంటే ఏడాదికి 13 సార్లు, 3,887 రూపాయలు. నాలుగేళ్లకు 15,500 దాటుతుంది. 12,000 ఫోన్ కంటే దాని రీచార్జే ఎక్కువ. ఇంట్లో రెండో ఫోన్ వస్తోంది కదా అని రెండో సిమ్ కూడా వేయిస్తే ఈ ఖర్చు రెట్టింపవుతుంది. అందుకని పాప ఫోన్‌కు సిమ్ వద్దు. మీ కొత్త ఫోన్ హాట్‌స్పాట్ పెడితే రాష్ట్ర ప్రభుత్వ చానల్ టీ-శాట్ పాఠాలు, ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ క్లాసులు దాంతోనే వింటుంది. వీడియో క్వాలిటీ కొంచెం తగ్గించి పెట్టుకుంటే మీ ఇద్దరికీ 1.5 జీబీ సరిపోతుంది. చాలని రోజుల్లో చిన్న డేటా ప్యాక్ వేసుకున్నా రెండో రీచార్జ్ కంటే తక్కువే.

కొత్త ఫోన్ వచ్చాక సిమ్ అందులో వేసి, ఫోన్‌పే, బ్యాంకు యాప్ అందులో రిజిస్టర్ అయ్యాకే పాతదాంట్లోంచి వాటిని తీసేయండి. కస్టమర్ల ఆది జాకెట్ల కొలతలు మీరు కాగితం మీద రాసి ఫొటో తీసి పెట్టుకుంటారేమో. వాట్సాప్ బ్యాకప్ తీసుకుంటే చాటింగ్‌లో ఉన్నవే వస్తాయి, గ్యాలరీలో ఉన్నవి రావు. అవి విడిగా కొత్త ఫోన్‌లోకి పంపి, తెరిచి, అన్నీ వచ్చాయని చూసుకున్నాకే పాత ఫోన్ ఖాళీ చేసి పాపకు ఇవ్వండి.