టెక్ సందేహాలు: చెకౌట్ 11కి అని కోడ్ పెట్టినా గెస్టు సాయంత్రం దాకా వస్తూ పోతూనే ఉన్నాడు

వైజాగ్, తిరుపతి, గచ్చిబౌలి, అరకు, ఊరేదైనా ఈమధ్య వస్తున్న మెయిల్స్‌లో ఒకటే గోల. ఫ్లాటో, సొంతింటి పైపోర్షనో రోజు అద్దెకి ఇస్తున్నాం సార్, గెస్టులు చెకిన్ టైంకి ఆరేడు గంటల ముందే సామాన్లతో దిగిపోతున్నారు, చెకౌట్ టైం దాటినా కదలట్లేదు, ఏదైనా మంచి గ్యాడ్జెట్ చెప్పండి అని. చెప్తాను గానీ, టైం కోసమని మీలో చాలామంది చేస్తున్న పనులు ఇంటి భద్రతకే ఎసరు పెడుతున్నాయి, ఆ సంగతి ఈసారి గట్టిగా మాట్లాడుకోవాలి.

"వైజాగ్ బీచ్ రోడ్డుకి దగ్గర్లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. అంకెల కోడ్ నొక్కితే తెరుచుకునే కీప్యాడ్ లాక్ పెట్టాను. కోడ్ 11కే అయిపోయేలా సెట్ చేస్తున్నా. అయినా గెస్టులు మధ్యాహ్నం మూడింటికి బయట భోంచేసి వచ్చి అదే కోడ్‌తో తలుపు తీసుకుంటున్నారు. లాక్ పాడైందా, మార్చేయాలా?"

మార్చకండి. ముందు ఒకటి గమనించండి, ఆ కోడ్ సరిగ్గా సాయంత్రం 4:30కి పనిచేయడం మానేస్తోందా? అయితే లాక్‌కి ఏ రోగమూ లేదు, దాని లోపలి గడియారం మన టైంలో లేదు, అంతే. అది యూటీసీలో, అంటే ప్రపంచమంతా గడియారాలకి లెక్కగా పెట్టుకున్న టైంలో, ఉండిపోయింది. మనం దానికంటే 5:30 గంటలు ముందుంటాం కాబట్టి దాని లెక్కలో 11 అయ్యేసరికి మనకి 4:30. ఇంకో ఫ్లాట్ ఓనరమ్మ దీనికి సరిగ్గా ఉల్టా సమస్య రాశారు, గెస్టులు పొద్దున 9కి టిఫిన్ చేసి వచ్చేసరికి తలుపు తెరుచుకోవట్లేదంట, లోపల సామానంతా ఉంది, పిల్లాడి మందులు కూడా లోపలే. ఆమె లాక్ చైనా టైంలో ఉంది. అది మనకంటే 2:30 గంటలు ముందు, అంటే 11 కోడ్ మనకి 8:30కే అయిపోతుంది. కాబట్టి తేడా ఐదున్నర గంటలో రెండున్నర గంటలో కచ్చితంగా ఉంటే రిపేరువాణ్ణి పిలవక్కర్లేదు, యాప్‌లో టైం జోన్ మార్చి, ఫోన్ పట్టుకుని లాక్ పక్కన నిలబడి టైం సింక్ కొట్టండి. లాక్‌లో సెల్లు (బ్యాటరీలు) మార్చిన ప్రతిసారీ కూడా ఈ పని చేయండి, కొన్ని లాక్‌లు సెల్లు తీయగానే టైం మర్చిపోతాయి.

దీనికి ఓనర్లని నేను తప్పుపట్టను. దేశం మొత్తానికి ఒకే టైం జోన్ ఉన్న చోట అమ్మే వస్తువు, పెట్టెలోంచి తీసేసరికే మన టైంలో ఉండాలి, లేదంటే మొదటిసారి ఆన్ చేసినప్పుడైనా అడగాలి. అది అడగరు. టైం జోన్‌ని ఎక్కడో నాలుగో మెనూలో పెడతారు, బీప్ సౌండ్ మాత్రం మొదటి స్క్రీన్ మీదే. తలుపు తెరవాలా వద్దా అని గడియారాన్ని చూసి తేల్చే వస్తువు, ఆ గడియారంలో ఎంతైందో ఓనర్‌కి చూపించకపోవడం చాలా పెద్ద నిర్లక్ష్యం, బయట మిగిలిపోయేది చంటిపిల్లతో ఉన్న తల్లి కావచ్చు.

ఇక అసలు సంగతి. కోడ్ అయిపోతే బయటున్నవాళ్ళు లోపలికి రాలేరు, లోపలున్నవాళ్ళకి దాంతో పనేంటి? లోపలి నుంచి హ్యాండిల్ తిప్పితే తలుపు తెరుచుకుంటుంది, తెరుచుకోవాలి కూడా, అగ్నిప్రమాదం అయితే అదే ప్రాణం కాపాడేది. లోపల కూర్చున్న గెస్టుని పంపించే తాళం ఇంకా పుట్టలేదు. అక్కడ పనిచేసేది ముందు చెప్పిన మాట. మన లాడ్జీల్లో ఏళ్ళ తరబడి నడిచింది 24 గంటల పద్ధతి, దిగిన టైం నుంచి మర్నాడు అదే టైం దాకా రూమ్ మనదే, తిరుమల కొండమీద గదులిచ్చేదీ అలాగే. ఆ అలవాటుతో వచ్చినాయనకి "మధ్యాహ్నం 1కి చెకిన్, మర్నాడు 11కి చెకౌట్" అంటే 22 గంటలకే పూర్తి అద్దె తీసుకుంటున్నారేంటి అనిపిస్తుంది. పైగా హైదరాబాద్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్ళు తెల్లవారేసరికి వైజాగ్‌లో దిగుతారు, మధ్యాహ్నం దాకా ముసలివాళ్ళతో ఎక్కడ తిరగమంటారు? బుకింగ్ అప్పుడే "మీ ట్రైన్ ఎన్నింటికి?" అని అడగండి. వాచ్‌మన్ రూమ్‌లో సామాన్లు పెట్టుకోనివ్వండి, కుదరకపోతే స్టేషన్ క్లోక్‌రూమ్ సంగతి చెప్పండి, తాళం వేసిన బ్యాగులే తీసుకుంటారని కూడా చెప్పండి. వెళ్ళే ముందు రోజు రాత్రి 8కి ఒక మెసేజ్ వెళ్ళాలి: రేపు 11కి ఖాళీ చేయాలి, 11:15కి కోడ్ ఆగిపోతుంది, 11:30కి క్లీనింగ్ వాళ్ళు వస్తారు, ఇంకాసేపు ఉండాలంటే ఇప్పుడే చెప్పండి అని. గూగుల్ మెసేజెస్‌లో సెండ్ బటన్ నొక్కిపట్టుకుంటే టైం పెట్టి పంపే ఆప్షన్ వస్తుంది, వాడుకోండి. తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి రాసి పెట్టుకుంటే చాలు.

"తిరుపతిలో మాకు మూడు రూములున్నాయి. దర్శనం లేటయిందంటూ సాయంత్రం దాకా ఖాళీ చేయరు. ఏసీకి స్మార్ట్ ప్లగ్ పెట్టి 11కి ఇంట్లోంచే ఆపేస్తే లేచిపోతారు కదా, ఏ ప్లగ్ కొనాలి?"

ఏదీ కొనకండి. టన్నున్నర ఏసీ 16 యాంప్స్ సాకెట్ మీద నడవాల్సిన వస్తువు, మార్కెట్‌లో చవగ్గా దొరికే స్మార్ట్ ప్లగ్‌లు చాలావరకు 10 యాంప్స్‌వి, కొన్నాళ్ళు నడిచాక ప్లగ్ కరిగి వాసన రావొచ్చు, ఆ టైంకి గదిలో ఎవరో నిద్రపోతుండొచ్చు. అది పక్కన పెట్టినా, నడిరాత్రి నుంచి క్యూలో నిలబడి కాళ్ళు వాచి వచ్చిన పెద్దావిడ మీద ఇంట్లోంచే ఏసీ ఆపేయడం పద్ధతి కాదండీ. కంపార్ట్‌మెంట్‌లో ఎంతసేపు కూర్చోబెడతారో ఆ భక్తుల చేతిలో లేదు. మీకు తెలిసిన విషయమే కదా అది, మీ ఊరి వ్యాపారమే దాని మీద నడుస్తోంది. మీ దగ్గర ఒకే చెకౌట్ టైం పెట్టుకోవడం వల్ల వచ్చిన తగువు ఇది. సగం అద్దెకి సాయంత్రం 5 దాకా అని ఇంకో ధర పెట్టండి, బుకింగ్ అప్పుడే చెప్పండి, తీసుకున్నవాళ్ళకి 5 దాకా నడిచే కోడ్ ఇవ్వండి. తీసుకోని వాళ్ళ సామాన్లు రిసెప్షన్ దగ్గర పెట్టే వీలు చూడండి, రూమ్ ఖాళీ అవుతుంది, వాళ్ళ దర్శనమూ చెడదు.

వెళ్ళారో లేదో తెలియడానికి హాల్లో కెమెరా పెట్టొచ్చా అని ఇదే మెయిల్ చివర్లో అడిగారు. వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఇంటి లోపల కెమెరాలని, రోజు అద్దె ఇళ్ళు బుక్ చేసే ఎయిర్‌బీఎన్‌బీ సైట్ 2024 ఏప్రిల్ 30 నుంచి ప్రపంచమంతటా నిషేధించింది, ఆపి ఉంచినా సరే లోపల ఉండకూడదంది. ఏ ప్లాట్‌ఫామ్‌లో లేకపోయినా, ఆడవాళ్ళ ఏకాంతాన్ని కెమెరాలో బంధిస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ఉంది, మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ళ జైలు. తలుపుకి అయస్కాంతంతో పనిచేసే చిన్న డోర్ సెన్సర్ పెట్టుకోండి, తలుపు ఎప్పుడు తెరిచారో ఎప్పుడు మూశారో అది చెప్తుంది, మనుషుల్ని చూడదు. పెట్టిన సంగతి గెస్టుకి ముందే చెప్పండి.

"గచ్చిబౌలిలో సర్వీస్ అపార్ట్‌మెంట్లు. ప్రతి గెస్టుకీ కొత్త కోడ్ చేయడం పెద్ద తలనొప్పి. అందరికీ ఒకటే కోడ్ ఇస్తున్నాం, టైం మాత్రం పాటించట్లేదు. టైం పాటించేలా చేసే యాప్ ఏదైనా ఉందా?"

టైం సంగతి తర్వాత. అందరికీ ఒకటే కోడ్ అన్న మాట చదివి నాకు కోపమే వచ్చింది.

కిందటేడాది మా మేనల్లుడి పెళ్ళికి ఒక ఫ్లాట్‌లో దిగాం. రాత్రి పదిన్నర, అమ్మానాన్న హాల్లో పరుపులు వేసుకుని పడుకున్నారు, నేను వంటింట్లో నీళ్ళు పట్టుకుంటున్నా. బయట కీప్యాడ్ నాలుగుసార్లు బీప్‌మంది, మోటార్ తిరిగిన చప్పుడు, తలుపు తెరుచుకుంది. ఎదురుగా భుజం మీద నిద్రపోతున్న పాపతో ఒకాయన, వెనక సూట్‌కేసు పట్టుకుని ఆయన భార్య. నెలక్రితం అదే ఫ్లాట్‌లో ఉండి వెళ్ళారంట, ఈసారి పక్క బ్లాక్‌లో బుక్ చేసుకుని, చీకట్లో పాత అలవాటు కొద్దీ ఇక్కడికొచ్చి పాత కోడే కొట్టారు. ఆయన పాపం సారీ చెప్పడానికి కూడా నోరు రాక అలాగే నిలబడిపోయాడు, మా అమ్మ లేచి కూర్చుని చీర సర్దుకుంటోంది. వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి సరిపోయింది. ఆ కోడ్ ఓనర్ ఫోన్ నంబర్‌లోని చివరి నాలుగు అంకెలు అని మర్నాడు తెలిసింది, అంటే ఆ నంబర్‌కి ఫోన్ చేసిన ప్రతివాడి దగ్గరా ఆ ఇంటి తాళం ఉన్నట్టే.

ఇప్పుడు మీ అపార్ట్‌మెంట్ గురించి ఆలోచించండి. ఈ ఏడాది వచ్చిన గెస్టులందరి దగ్గరా, వాళ్ళు వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన ఫ్రెండ్స్ దగ్గరా, మానేసిన హౌస్‌కీపింగ్ కుర్రాడి దగ్గరా ఆ కోడ్ ఉంది. ఈ రాత్రి అక్కడ ఒంటరిగా ఇంటర్వ్యూ కోసం వచ్చిన అమ్మాయి పడుకుని ఉండొచ్చు. చెకౌట్ టైం అంటే మీరు అద్దె లెక్కగా చూస్తున్నారు, నాకైతే అది తర్వాత వచ్చే మనిషి భద్రత మొదలయ్యే టైం. గెస్టు వెళ్ళిన క్షణంలో అతని కోడ్ కూడా పోవాలి.

తలనొప్పి అన్నారు గానీ అదేం కాదు. మీ లాక్‌లో టైం పరిమితి ఉన్న కోడ్‌లు చేసే ఆప్షన్ ఉంటే, చాలావాటిలో అది నెట్ లేకపోయినా పనిచేస్తుంది, బ్యాంకు ఓటీపీ యాప్‌లాగే లాక్‌కీ సర్వర్‌కీ మధ్య ఒక రహస్య సంఖ్య ఉంటుంది, దాన్నీ టైంనీ కలిపి కోడ్ లెక్కగడతాయి, లాక్ తన గడియారం చూసుకుని తెరుస్తుంది. అర నిమిషం పని. రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోండి: ఇలాంటి కోడ్‌లు చాలా లాక్‌లలో మొదలైన 24 గంటల్లోపు ఒక్కసారైనా వాడకపోతే చచ్చిపోతాయి, లేటుగా దిగే గెస్టుకి ఇది గుర్తుంచుకోవాలి. ఇంకోటి, గెస్టు ముందే వెళ్ళిపోయినా కోడ్ తీసేయాలంటే లాక్ దగ్గరికి వెళ్ళాలి, లేదంటే లాక్‌ని నెట్‌కి కలిపే గేట్‌వే అనే చిన్న పెట్టె ఇంట్లో ఉండాలి. ఆ తర్వాత ఫ్యాక్టరీ అడ్మిన్ కోడ్ మార్చండి, ఇప్పటికీ 123456తో తెరుచుకునే తాళాలు ఎన్నో ఉన్నాయి. యాప్‌లోకి వెళ్ళి అడ్మిన్‌ల లిస్టు చూడండి, మానేసిన మేనేజర్ పేరు అక్కడ ఉంటే ఇవాళే తీసేయండి, గెస్టులు పెట్టుకున్న వేలిముద్రలు ఉంటే అవి కూడా.

ఇంత చెప్పాక ఇంకోటి చెప్పకుండా ఉండలేను. కోడ్ పంపే ముందు ఆధార్ ఫొటో అడుగుతారు కదా, అవి ఎక్కడికి వెళ్తున్నాయి? మీ వాట్సాప్‌లోకి, అక్కడి నుంచి ఫోన్ గ్యాలరీలోకి, అక్కడి నుంచి క్లౌడ్ బ్యాకప్‌లోకి, మధ్యలో వాచ్‌మన్‌కి ఫార్వర్డ్, సొసైటీ గ్రూపులో ఒక కాపీ. టైం దాటితే గెస్టుని భయపెట్టడానికి ఆ ఫొటో గ్రూపులో పెట్టామని ఒకరు నాకు గర్వంగా రాశారు. చాలా తప్పు చేశారు. ఒరిజినల్ చూడండి, పోలీసులు అడిగే రిజిస్టర్‌లో రాయండి, కాపీ కావాలంటే మాస్క్‌డ్ ఆధార్ అడగండి, అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్‌లో ఎవరిది వాళ్ళు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. విదేశీ పాస్‌పోర్టుతో వచ్చినవాళ్ళకి, అమెరికా నుంచి వచ్చిన మన తెలుగువాళ్ళైనా సరే, 24 గంటల్లోపు వాళ్ళ వివరాలు ఆన్‌లైన్‌లో ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి పంపాలి (ఇదివరకు దీన్ని ఫారం-సి అనేవారు), అది ఎలాగూ తప్పదు. గెస్టు వెళ్ళాక ఫోన్‌లో ఉన్న ఫొటోలు తీసేయండి.

"రెండు సైట్లలో లిస్ట్ చేశాం, క్యాలెండర్ లింక్ కలిపాం, కోడ్‌లు ఆటోమేటిగ్గా వెళ్తాయి. కానీ చెకౌట్‌కి ముందు రాత్రి 12కే కోడ్ ఆగిపోతోంది. సెకండ్ షో చూసి వచ్చిన గెస్టు రోడ్డు మీద నిలబడ్డాడు."

ఒక సైట్‌లో బుక్ అయిన రోజుల్ని ఇంకోదానికి చెప్పే ఆ క్యాలెండర్ లింకుల్లో మామూలుగా తారీఖులే ఉంటాయి, గంటలు ఉండవు. చెకౌట్ తారీఖు 15 అని వస్తే మీ సాఫ్ట్‌వేర్ దాన్ని 15వ తేదీ రాత్రి 12 గంటలు, అంటే 15 మొదలైన క్షణం, అని తీసుకుంటోంది. సెట్టింగ్స్‌లో చెకిన్, చెకౌట్ గంటలు విడిగా ఇచ్చే చోటు ఉంటుంది, అక్కడ 13:00, 11:15 పెట్టండి. ఆ చోటు లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ వదిలేయండి. ఇంకో మాట, ఈ లింకులు అప్పటికప్పుడు అప్‌డేట్ అవ్వవు, గంటల తేడా ఉంటుంది, కాబట్టి అదే రోజు బుకింగ్స్ ఏదో ఒక్క సైట్‌లోనే తెరిచి ఉంచండి.

"అరకులో హోమ్‌స్టే. సిగ్నల్ సరిగ్గా ఉండదు. వైఫై లాక్ కొనమంటున్నారు, కొనొచ్చా?"

వద్దండి. సిగ్నల్ లేని చోట నెట్ మీద బతికే తాళం పెడితే, వాన పడ్డ రాత్రి కరెంటూ రూటరూ పోయి, మీరు ఎక్కడున్నా ఏ కోడూ పంపలేరు. పైన చెప్పిన నెట్ అక్కర్లేని కోడ్ లాక్ తీసుకోండి, మామూలు తాళంచెవి రంధ్రం కూడా ఉండాలి, బయట నుంచి పవర్‌బ్యాంకుతో కరెంటు ఇచ్చే పోర్టు ఉండాలి. నాలుగు సెల్లూ ఒకేసారి మార్చండి, పాతవి కొత్తవి కలపొద్దు. మార్చాక టైం చూసుకోవడం మర్చిపోకండి. చూశాక కూడా కోడ్ తేడాగా పనిచేస్తుంటే యాప్‌లో టైం కనిపించే పేజీ ఫొటో తీసి నాకు పంపండి, కోడ్ నంబర్లు మాత్రం అందులో కనపడకూడదు.