వ్యాసర్‌పాడిలో ఇల్లు తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది నాయుడుపేట. చెన్నైలో పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో నాకు కాంట్రాక్టు పని దొరికింది. ఎం.కె.బి. నగర్‌లో రెండు గదుల ఇల్లు చూశాం, అద్దె మా జీతానికి అందేలా ఉంది. అడ్వాన్స్ ఇచ్చే ముందు వడపళనిలో ఉంటున్న మా బావగారితో చెబితే "వ్యాసర్‌పాడి వైపా? పెళ్ళాంబిడ్డల్ని తీసుకుని అక్కడికా?" అన్నారు. యూట్యూబ్‌లో చూస్తే అన్నీ కత్తుల గొడవలే. 2024లో పెరంబూరులో ఒక పార్టీ నాయకుణ్ని నడివీధిలో నరికేసిన సంగతి కూడా ఆయనే గుర్తుచేశారు. పాపకి ఆరేళ్ళు. తీసుకోమంటారా?

జవాబు: బావగారు చెప్పిన కారణంతో మానుకోవద్దు. అలాగని పగలు ఒక్కసారి చూసి అడ్వాన్స్ కట్టేయనూ వద్దు.

ముందు ఆ హత్య సంగతి. 2024 జులై 5న చనిపోయింది బీఎస్పీ రాష్ట్ర అధ్యక్షుడు ఆమ్‌స్ట్రాంగ్. పాత పగే కారణమని పోలీసులు చెప్పారు. ఉత్తర చెన్నై నుంచి టీవీలకెక్కే హత్యల్లో చాలావాటికి ఇలా ముందో పగ ఉంటుంది. చంపినవాడికీ చచ్చినవాడికీ ఏళ్ళ తరబడి లెక్కలుంటాయి. దేశం మొత్తం మీద చూసినా ఇదే తీరు. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్కల్లో 2022లో 28,522 హత్య కేసులుంటే, తగాదాల వల్ల జరిగినవి 9,962, కక్షతో జరిగినవి 3,761. డబ్బు, నగల వంటి లాభం కోసం చేసినవి 1,884. అదే ఏడాది రోడ్ల మీద పోయిన ప్రాణాలు 1,68,491. మీ పాప బడికి వెళ్ళే దారిలో మణలి, ఎన్నూరు వైపు పోయే కంటైనర్ లారీలు తిరుగుతుంటే ముందు వాటికి భయపడండి.

"అక్కడ నేరాలు ఎక్కువ" అనే మాటకు ఆధారం ఏమిటని బావగారిని అడిగి చూడండి. బ్యూరో ఏటా వేసే పుస్తకంలో చెన్నై నగరం మొత్తానికి ఒకే లెక్క ఉంటుంది. వ్యాసర్‌పాడికి ఇంత, అడయారుకి ఇంత అని అందులో ఉండదు. ఆ నగరం లెక్కనైనా జాగ్రత్తగా చదవాలి. 2020లో తమిళనాడు కేసులు ఒక్కసారిగా ఆకాశానికి ఎగశాయి. జనం ఉన్నట్టుండి చెడిపోయారా? లాక్‌డౌన్‌లో బయటికొచ్చినవాళ్ళ మీద, ప్రభుత్వ ఉత్తర్వు మీరారని సెక్షన్ 188 కింద కేసులు కట్టారు, అంతే. పైగా ఒక ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే వాటిలో పెద్దదాన్నే లెక్కలోకి తీసుకుంటారు.

పేటకు చెడ్డపేరు తెచ్చే ఇంకో సంగతి రౌడీ షీటు. మళ్ళీమళ్ళీ కేసుల్లో ఇరుక్కునేవాడి పేరున అతను కాపురముండే చోటి స్టేషన్‌లో షీటు తెరిచి, ఎ-ప్లస్, ఎ, బి, సి అని తరగతులు వేస్తారు. అతను చేసిన నేరం తాంబరంలో జరిగి ఉండొచ్చు, పేపర్లో మాత్రం "వ్యాసర్‌పాడి రౌడీ" అనే వస్తుంది. వార్తలో స్టేషన్ పేరు కూడా సరిగ్గా చదవాలి. మీరు చూసిన ఇల్లు పి-5 ఎం.కె.బి. నగర్ స్టేషన్ కిందికి వస్తుందా, పి-3 వ్యాసర్‌పాడి కిందికా, పి-6 కొడుంగయ్యూరు కిందికా? బయటివాళ్ళు ఈ మూడింటినీ కలిపి వ్యాసర్‌పాడి అనేస్తారు. ఎం.కె.బి. నగర్ అంటే హౌసింగ్ బోర్డు వేసిన మహాకవి భారతి నగర్, ఉద్యోగస్తుల కుటుంబాలు ఎన్నో ఏళ్ళుగా ఉంటున్న కాలనీ.

అలాగని అక్కడ ప్రమాదమే లేదనడం అబద్ధం. ఉంది, కానీ అందరికీ ఒకేలా లేదు. ఎక్కువగా నలిగేది తోపుడు బండ్లవాళ్ళు, చిన్న కొట్లవాళ్ళు. మామూలు అడిగేది వాళ్ళనే. ఆ తర్వాత పదిహేను నుంచి పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళు. మీకు పదహారేళ్ళ కొడుకు ఉండి ఉంటే మా జవాబు ఇంత తేలిగ్గా ఉండేది కాదు. వాడు సాయంత్రాలు ఎవరి బండెక్కుతున్నాడో రోజూ చూసుకోవాల్సి వచ్చేది. రౌడీ ఎవరైనా చనిపోతే శవయాత్ర రోజున ఆ దారి తప్పించుకుని వెళ్ళండి. బాణసంచా, తాగుడు, విసిరేసే పూలదండలు, ఆ మూడు గంటలూ కొట్లు కూడా మూసేస్తారు.

అద్దెకొచ్చే మీలాంటి కుటుంబానికి ఎదురయ్యేవి సెల్‌ఫోన్ లాక్కెళ్ళడం, బైకు దొంగతనం, మెడలో గొలుసు తెంపుకెళ్ళడం. వీటికి మంచి పేట, చెడ్డ పేట అన్న తేడా పెద్దగా లేదు. 2025 మార్చి 25 ఉదయం దక్షిణ చెన్నైలో గంట వ్యవధిలో ఆరుచోట్ల గొలుసులు తెంపారు. నిందితుల్లో ఇద్దర్ని విమానాశ్రయంలో పట్టుకున్నారు. గొలుసు దొంగకు కావలసింది బండి తిప్పుకుని పారిపోయేందుకు వెడల్పాటి, ఖాళీ రోడ్డు. అరుగుల మీద జనం కూర్చునే ఇరుకు సందు వాడికి పనికిరాదు. ఇంటావిడ నడిచేటప్పుడు ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకు కుడిపక్కన, గోడవైపు జరిగి నడవాలి. గొలుసు చీర లోపలికి వేసుకోవాలి. లాగితే పట్టుకుని పెనుగులాడొద్దు, కిందపడి తలకు తగిలే దెబ్బే ప్రాణం తీస్తుంది. ఇక బైకు సంగతి. హ్యాండిల్ లాక్ ఒక్కటే చాలదు, ముందు చక్రంలోంచి గొలుసు వేసి గేటు ఊచకు తాళం వేయండి. రెండు తాళంచెవులూ దాచుకోండి. బండి పోతే ఇన్సూరెన్స్‌వాళ్ళు రెండూ అడుగుతారు, ఒకటి లేకపోతే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

ఇల్లు చూడటానికి మళ్ళీ మూడుసార్లు వెళ్ళండి. మామూలు రోజు రాత్రి ఎనిమిదికి ఒకసారి. ఆడవాళ్ళు ఒంటరిగా కొట్టుకొచ్చి పాలు, కోడిగుడ్లు కొనుక్కెళ్తుంటే అది మంచి గుర్తు. తర్వాత శనివారం రాత్రి పది దాటాక ఒకసారి. టాస్మాక్ (ప్రభుత్వ మద్యం) షాపులు మధ్యాహ్నం పన్నెండుకు తెరిచి రాత్రి పదికి మూస్తారు. మూశాక అరగంట పాటు ఆ జనం ఏ దారిన చెదురుతారో నిలబడి చూడండి. ఆ దారి మీ ఇంటి ముందు నుంచే పోతుంటే ఇల్లు ఎంత బాగున్నా వదిలేయండి. వ్యాసర్‌పాడి జీవా స్టేషన్‌లో దిగి, మీ భార్య రోజూ నడవబోయే దారినే ఇంటిదాకా నడవండి. వెలగని వీధిదీపాలు ఎన్నో లెక్కపెట్టండి. స్తంభం మీద నంబరుంటుంది, అది చెప్పి కార్పొరేషన్ 1913కి ఫిర్యాదు చేయవచ్చు. వరుసగా మూడు దీపాలు ఆరి ఉంటే, ఆ వీధిలో ఎవరూ ఫిర్యాదు చేయడం లేదని అర్థం. దీపం ఆరడం కంటే దానికి విలువ ఎక్కువ ఇవ్వండి.

మూడోసారి గట్టి వాన పడిన మర్నాడు. ఈ ప్రాంతంలో అందరూ మరిచిపోయే అసలు ప్రమాదం నీళ్ళు. వాన పడితే గణేశపురం సబ్‌వే మునుగుతుంది, ఆటో చుట్టూ తిరిగి వెళ్ళాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఇంటాయన్ని అడక్కండి, వీధిచివర ఇస్త్రీ బండి అతన్ని అడగండి. కాంపౌండు గోడ మీద నీటి చార ఉందా, కరెంటు మీటరు పెట్టె దానికి పైనుందా కిందుందా చూడండి. గడప రోడ్డుకంటే రెండడుగులైనా ఎత్తులో లేకపోతే పై అంతస్తు వెతుక్కోండి. కొడుంగయ్యూరు చెత్త యార్డు వైపు నుంచి గాలి వీచే సాయంత్రం కిటికీ తెరిచి చూడండి. పాపకు ఆయాసం ఉంటే ఆ ఒక్క కారణంతోనే ఇల్లు వద్దనుకోవచ్చు.

ఈ మూడుసార్లూ తేడా ఏమీ కనిపించకపోతే తీసుకోండి. ఒప్పందం కాగితం మీద రాయించుకోండి. 2019 నుంచి అమల్లో ఉన్న తమిళనాడు అద్దె చట్టం ప్రకారం, వేరేగా ఒప్పుకుంటే తప్ప, అడ్వాన్స్ మూడు నెలల అద్దె దాటకూడదు. ఇంటాయన మీ ఆధార్ నకలు పోలీస్ స్టేషన్‌లో ఇవ్వాలంటే అనుమానంతో కాదు, అద్దెకున్నవాళ్ళ వివరాలు అందరివీ అడుగుతారు. సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు ఇల్లు తాళం వేశామని స్టేషన్‌లో చెప్పి వెళ్ళండి, రాత్రి గస్తీవాళ్ళు చూసిపోతారు.

ప్రశ్న: మా అమ్మాయి స్టాన్లీ ఆసుపత్రిలో నర్సింగ్ శిక్షణకు చేరింది. కొన్ని రోజులు రాత్రి తొమ్మిదింటికి డ్యూటీ దిగుతుంది. రాయపురం అంటే భయంగా ఉంది. పెప్పర్ స్ప్రే కొనివ్వనా? (ఒక తల్లి, ఒంగోలు)

జవాబు: కొనివ్వండమ్మా, కానీ దాని మీద భరోసా పెట్టుకోకండి. సంచి అడుగున ఉంటే చేతికి రాదు, ఎదురుగాలిలో కొడితే మన కళ్ళలోనే పడుతుంది. ఆసుపత్రి చుట్టుపక్కల తొమ్మిదింటికి జనం బాగానే తిరుగుతారు. వాషర్‌మెన్‌పేట మెట్రో రాత్రి పదకొండు దాకా నడుస్తుంది. ఆసుపత్రి గేటు నుంచి హాస్టల్ గేటు దాకా ఉన్న దారిలో ఎవరూ లేని భాగం ఏదో, అది ఎన్ని అడుగులో అమ్మాయితో కలిసి ఒకసారి నడిచి చూడండి. ఆ కాస్త దూరానికి మాత్రం తోడు కావాలి. అదే డ్యూటీలో ఉన్న ఇద్దరు ముగ్గురు కలిసి బయల్దేరితే చాలు. 112కి ఫోన్ చేస్తే ముందు చెప్పాల్సింది చోటు: వీధి పేరు, పక్కనున్న కొట్టు బోర్డు. పేరు, సంగతి తర్వాత. ఈ రెండు ముక్కలూ తమిళంలో అనడం నేర్పించండి.

ఇంకో మాట. అత్యాచార కేసుల్లో ఏటా 90 శాతానికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. రాయపురం వీధుల గురించి ఎన్ని జాగ్రత్తలు చెబుతారో, పనిచేసే చోట ఎవరైనా ఇబ్బంది పెడితే ఆ రోజే మీతో చెప్పమని అంత గట్టిగానూ చెప్పండి.

ప్రశ్న: విజయవాడ నుంచి వస్తుంటే బేసిన్ బ్రిడ్జి దగ్గర రైలు నెమ్మదించినప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ నా చేతిలో ఫోన్ లాక్కుపోయారు. పోలీస్ స్టేషన్‌కి వెళితే మా పరిధి కాదన్నారు. (పాఠకుడు, కొరుక్కుపేట)

జవాబు: పరిధి కాదని పంపేయకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకుని, సరైన స్టేషన్‌కి పంపే బాధ్యత వాళ్ళదే. రైల్లో జరిగింది కాబట్టి సెంట్రల్‌లోని రైల్వే పోలీసుల దగ్గరికి వెళితే పని త్వరగా అవుతుంది. "పోయింది" అని రాయొద్దు, "లాక్కున్నారు" అని రాయండి. మొదటిది పారేసుకున్న వస్తువు కింద ఒక రశీదుతో సరిపోతుంది, రెండోది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 304 కింద నేరం.

అంతకంటే ముందు వేరే ఫోన్‌తో సిమ్ ఆపించండి, బ్యాంకుకి చెప్పి యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల నంబరు 1930కి వెంటనే చేయండి. తర్వాత అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకుని, ఫిర్యాదు నకలు, ఐఎంఈఐ నంబరుతో (ప్రతి ఫోన్‌కీ ఉండే గుర్తింపు సంఖ్య) కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీ సైట్‌లో ఫోన్‌ని బ్లాక్ చేయండి. ఐఎంఈఐ ఫోన్ కొన్న పెట్టె మీద, బిల్లు మీద ఉంటుంది. కొత్త ఫోన్ కొన్నాక స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే వచ్చే అంకెల్ని ఇంట్లో క్యాలెండర్ వెనక రాసిపెట్టుకోండి.