ఇక మార్చనవసరం లేని సౌండ్ సిస్టం

ప్రశ్న: నేను మిర్యాలగూడలో ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ని. వయస్సు 56. మరో ఐదేళ్లలో పదవీ విరమణ. గడచిన పన్నెండేళ్లలో మూడు యాంప్లిఫయర్లు, నాలుగు జతల స్పీకర్లు మార్చాను. కొన్న మొదటి నెల బాగానే ఉంటుంది, తర్వాత పాత లోపాలే మళ్లీ వినిపిస్తాయి. మృదంగం ఎడమచేతి నాదం బుంయ్‌మని సాగుతుంది, గాత్రంలో ‘స’, ‘ష’ అక్షరాలు చెవికి గుచ్చుకుంటాయి. ఘంటసాల కాలపు సినిమా పాటలు, కర్ణాటక కచేరీలు ఎక్కువగా వింటాను. హాలు 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు. ఆర్‌సీసీ స్లాబు, నేలకు టైల్స్, స్పీకర్లు ఒక గోడకు ఆనుకుని, సోఫా ఎదుటి గోడకు ఆనుకుని ఉంటాయి. లక్ష రూపాయలు పక్కన పెట్టాను. ఇదే చివరిది కావాలని ఇంట్లో షరతు. ఏమి కొనాలి?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీరు ఏడు వస్తువులు మార్చినా లోపాలు రెండూ అలాగే ఉన్నాయంటే, మారకుండా మిగిలినదేదో వాటికి కారణమై ఉండాలి కదా. మీరు ఇన్నేళ్లలో మార్చనిది మీ హాలు ఒక్కటే. కాబట్టి ఆ లక్ష రూపాయలను మరో రెండు నెలలు బ్యాంకులోనే ఉంచి, ముందు హాలు సంగతి చూడమని మనవి.

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఎదురెదురు గోడల మధ్య దూరానికి సరిపోయే కొన్ని స్వరాలు ఆ గోడల నడుమే కొట్టుకుని, పరికరం ఆపేసినా ఒక క్షణం గదిలో నిలిచిపోతాయి. మీ హాలు పొడవుకు అది సుమారు 37 హెర్ట్జ్ (సెకనుకు 37 కంపనాలు) దగ్గర, వెడల్పుకు సుమారు 47 హెర్ట్జ్ దగ్గర జరుగుతుంది, వాటి రెట్టింపులైన 75, 94 హెర్ట్జ్ దగ్గర మళ్లీ జరుగుతుంది. మృదంగం ఎడమ ముఖపు గంభీర నాదం ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. ఈ నిలిచిన నాదం గోడల దగ్గర అన్నిటికన్నా బలంగా ఉంటుంది. మీ స్పీకర్లూ గోడకే, మీ సోఫా కూడా గోడకే ఆనుకుని ఉన్నప్పుడు ఎంత ఖరీదైన పెట్టె తెచ్చినా ఆ బుంయ్‌మనడం తప్పదు. స్పీకర్లను గోడ నుంచి కనీసం రెండడుగులు ముందుకు జరపండి, సోఫాను మూడడుగులు ముందుకు లాగండి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరముందో, ఒక్కొక్క స్పీకరు నుంచి మీ తలకు కూడా దాదాపు అంతే దూరముండాలి, ట్వీటరు, అంటే పెట్టెలో సన్నటి పైస్థాయి ధ్వని ఇచ్చే చిన్న స్పీకరు, మీరు కూర్చున్నప్పుడు చెవి ఎత్తులో ఉండాలి. హాలు మధ్యలో సోఫా ఏమిటని ఇంట్లో ఒక మాట పడవలసి రావచ్చు, కానీ ఎనిమిదో వస్తువు తెచ్చినప్పుడు పడే మాట కన్నా అది చిన్నదే.

‘స’ గుచ్చుకోవడానికి చాలావరకు కారణం టైల్స్, స్లాబు, బోసి గోడలు. పైస్థాయి ధ్వని వాటి మీద పడి తగ్గకుండా తిరిగి చెవికి వస్తుంది. నేల మీద, స్పీకర్లకూ సోఫాకూ మధ్య, మందపాటి జంపఖానా పరవండి. పక్క గోడల మీద మాత్రం నేను సిఫారసు చేసేది మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో కురుమలు నేసే ఉన్ని గొంగడి. దాన్ని రెండు మడతలు చేసి, గోడకు అంటకుండా రెండంగుళాల ఖాళీ ఉంచి కర్రకు వేలాడదీయండి. మందం, వెనుక ఖాళీ రెండూ ఉంటేనే అది మధ్యస్థాయి ధ్వనిని కూడా పీల్చుకుంటుంది, పల్చటి కర్టెను అన్నిటికన్నా పైస్థాయిని మాత్రమే తగ్గించి, మిగతాదాన్ని వదిలేస్తుంది. ఎక్కడ వేలాడదీయాలో తెలుసుకోవడానికి మీరు సోఫాలో కూర్చుని, ఇంకొకరిని పక్క గోడ వెంట అద్దం పట్టుకుని నడవమనండి. అద్దంలో స్పీకరు ఎక్కడ కనిపిస్తుందో అదే చోటు. అలమరనిండా పుస్తకాలున్న గోడ ఉంటే దాని జోలికి పోకండి, అది ఇప్పటికే మేలు చేస్తోంది.

ఇదంతా చేసి రెండు నెలలు వినండి. మీరు వెతుకుతున్న చివరి సిస్టం ఇప్పటికే మీ ఇంట్లో ఉందని తేలే అవకాశం తక్కువేమీ కాదు. నేను కూడా ఒకప్పుడు జత తర్వాత జత మార్చి, చివరికి కుర్చీ జరిపిన రోజున తెల్లబోయినవాణ్నే.

అయినా కొనాలనే నిర్ణయించుకుంటే, డబ్బులో సగానికి పైగా, అంటే 55 నుంచి 60 వేలు, స్పీకర్ల మీద పెట్టండి, 25 నుంచి 30 వేలు యాంప్లిఫయరుకు సరిపోతాయి. మిగిలినది బరువైన స్టాండ్లకూ, స్టెబిలైజరుకూ ఉంచండి. మోటార్లు నడిచే వేళల్లో వోల్టేజీ పడి లేచే మన ప్రాంతంలో యాంప్లిఫయరు ఆయువు స్టెబిలైజరు మీద ఎంతో ఆధారపడి ఉంటుంది, 44 డిగ్రీల ఎండాకాలంలో దాన్ని మూసిన అలమరలో పెట్టడం కూడా మంచిది కాదు. వాట్ల సంఖ్య చూసి మోసపోకండి. శబ్ద తీవ్రతను డెసిబెల్స్‌లో కొలుస్తారు. 50 వాట్ల నుంచి 100 వాట్లకు పోతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, రెట్టింపు గట్టిగా వినిపించాలంటే పదింతల వాట్లు కావాలి. ఒక వాట్‌కు ఒక మీటరు దూరంలో 87 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరు మీ హాలులో మామూలుగా పాడుతున్నప్పుడు సగటున ఒక వాట్ కూడా తీసుకోదు. తీగల మీద వేలు ఖర్చు పెట్టనక్కర్లేదు. ఇంటి వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఐదు మీటర్ల దూరానికి, రానూ పోనూ కలిపి, ఒక ఓమ్‌లో (విద్యుత్తుకు అడ్డు పడే నిరోధాన్ని కొలిచే ప్రమాణం) పదో వంతు నిరోధం కూడా కలపదు.

ధ్వనిని సెకనుకు 96 వేల సార్లు కొలిచి దాచే ‘96 కిలోహెర్ట్జ్’ ఫైళ్ల ప్రకటనలు కూడా మిమ్మల్ని తొందరపెడుతూ ఉండవచ్చు. 1982లో మార్కెట్‌లోకి వచ్చిన సీడీ 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లతోనే మనిషి చెవి వినగల 20 వేల హెర్ట్జ్ దాకా పట్టుకుంటుంది. మన వయస్సులో 12, 13 వేల హెర్ట్జ్ పైన చాలామందికి పెద్దగా వినిపించదు. పైగా మీరు ప్రేమించే ఆ పాటల్లో ఎక్కువ భాగం మోనో రికార్డింగులు, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని వస్తుంది. రెండు స్పీకర్లూ సరిగ్గా నిలబెడితే, గాయకుడి గొంతు రెండింటి మధ్య గాలిలోంచి ఒక్కచోటు నుంచి రావాలి. ఏదో ఒక పక్కకు జరిగిందంటే మీ అమరికలో తేడా ఉందని అర్థం. ఖర్చు లేకుండా పరీక్షించుకోవడానికి ఇంతకన్నా మంచి కొలబద్ద నాకు తెలియదు.

దుకాణంలో వినేటప్పుడు, మీకు కంఠస్థమైన నాలుగైదు పాటలు తీసుకుని వెళ్లండి, రెండు జతల శబ్దాన్నీ ఫోనులో డెసిబెల్ మీటరు పెట్టి ఒకే స్థాయికి తెప్పించండి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నది చెవికి ‘మెరుగు’గా తోస్తుంది, ఆ సంగతి అమ్మేవారికి మనకన్నా బాగా తెలుసు. మొదటి ఐదు నిమిషాల్లో మెరిసిపోయేదాన్ని కాకుండా, అరగంట విన్నాక కూడా చెవి అలసిపోనిదాన్ని ఎంచుకోండి. అన్నీ ఒకే పెట్టెలో ఇమిడిన సౌండ్‌బార్ల జోలికి పోకండి. అందులో ఒక బోర్డు పోతే మొత్తం పోతుంది. స్పీకర్లు వేరుగా, యాంప్లిఫయరు వేరుగా, పాట తెచ్చే పరికరం వేరుగా ఉంటే, కాలంతో ముందుగా పాతబడేది ఆ మూడోదే, మూడు నాలుగు వేల రూపాయలతో దాన్ని మార్చుకోవచ్చు.

ప్రశ్న: మా నాన్నగారు 1990ల్లో కొన్న చెక్క స్పీకర్లు ఉన్నాయి. కోన్ (శబ్దం పుట్టించే గరాటు ఆకారపు పొర) అంచున ఉన్న ఫోం పొడిపొడిగా రాలిపోయింది. పెద్ద శబ్దానికి గరగరమంటాయి. పారేసి కొత్తవి కొనమని మా అల్లుడు అంటున్నాడు. ఏమి చేయమంటారు?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: పారేయకండి. ఆ కాలపు ఫోం అంచులు వేడికీ గాలిలోని తేమకూ పదిహేను, ఇరవై ఏళ్లలో పాడైపోవడం మామూలే. కోనూ, వెనుక అయస్కాంతమూ బాగుంటే ఫోం ఒక్కటే మార్చి అతికిస్తారు. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీ వైపు వెళ్తే ఆ పని చేసేవారిని అడిగి తెలుసుకోవచ్చు. అందాకా వాటిని మోగించకండి. అంచు పట్టు లేని కోన్ పక్కకు ఒరిగి, లోపల కోన్‌ను కదిలించే తీగచుట్ట (వాయిస్ కాయిల్) రాసుకుని కాలిపోతుంది. తీసుకువెళ్లే ముందు రెండు పరీక్షలు ఇంట్లోనే చేయించండి. నాలుగు వేళ్లతో కోన్‌ను సమంగా, మెల్లగా లోపలికి నొక్కితే గీసుకుంటున్న చప్పుడు రాకూడదు. మల్టీమీటరు పెట్టిస్తే 8 ఓమ్‌ల వూఫరు (గంభీర నాదం ఇచ్చే పెద్ద స్పీకరు) సుమారు 6 ఓమ్‌లు చూపించాలి. ఏమీ చూపకపోతే కాయిల్ తెగిపోయినట్టే, అప్పుడు ఖర్చు పెరుగుతుంది. రెండూ సరిగా ఉంటే, ఫోంతో పాటు, ధ్వనిని వూఫరుకూ ట్వీటరుకూ పంచే లోపలి సర్క్యూట్ అయిన క్రాసోవరులో ఎండిపోయి ఉండగల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లను కూడా మార్చమనండి. పెట్టెల అడుగుభాగం చెదలు పట్టిందేమో మాత్రం బస్సెక్కే ముందే తిప్పి చూడండి.