బుజ్జమ్మా, ఆకురాయితో ఉలి చెయ్యబాకు

బుజ్జమ్మా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, సెలవల్లో సైదాపురం పక్క పాత అభ్రకం గనుల కాడికి రాళ్ళు ఏరుకోను పోతా ఉండావంట, పనిముట్లు కూడా ఇంట్లోనే చేసుకుంటానన్నావంట. నువ్వు జియాలజీలో చేరినప్పుడు ఆడపిల్లకి రాళ్ళెందుకురా అన్నోణ్ణి నేనే, ఇప్పుడు షెడ్డుకొచ్చిన ప్రతి లారీ డ్రైవర్‌కీ మా తమ్ముడి కూతురు అని చెప్పుకుంటా ఉండా. రాత్రి మాత్రం నిద్ర పట్టలా.

జల్లెడకి నాలుగు చెక్కలు, కింద ఇనప మెష్, అంతే. రాయి గీత రంగు చూడను టైల్ ముక్క వెనక గరుకు వైపు చాలు. పాడైన స్పీకర్‌లో అయస్కాంతం ఊడదీసుకో. అభ్రకానికి అసలు సుత్తే వద్దు, పలచటి కత్తి మొన పొరలో దూరిస్తే కాగితం మాదిరి లేచొస్తుంది.

ఉలి సంగతి మాత్రం కూర్చుని చదువు.

మీ నాన్న ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉంది గదా, సైకిల్ మీద నించి పడ్డా అంటాడే, పడలా. అది నా నిర్వాకం. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు, షెడ్డులో కొత్తగా చేరా, ఇనుము అరగదీసే ఆకురాయి, అదే ఫైల్, అరిగిపోయి మూల పడుంటే దాని కొస గ్రైండింగ్ వీల్ మీద పట్టి ఉలి చేసేశా, ఎంత పదునో, చూసుకుని నాకే గర్వం. ఆదివారం వాణ్ణి వెనక ఎక్కించుకుని గనుల కాడికి పోయా. తెల్లటి పలుగురాయిలో ఎర్రగా గార్నెట్, కందిగింజంత. వాడు నా భుజం పక్కన మొహం పెట్టి చూస్తా ఉండాడు, మూడో దెబ్బకి టింగుమంది, రాయి పగిలిందనుకున్నా, చూస్తే చేతిలో ఉలి సగమే ఉంది. "అన్నా, ఏందో తడిగా ఉంది" అన్నాడు, అంతే, ఏడవను కూడా లేదు. అరంగుళం కిందకొచ్చుంటే కన్నే. సైకిల్ కథ దార్లో నేనే నేర్పించా.

ఆకురాయి ఉక్కు నిలువునా గట్టిపడి ఉంటుంది, అందుకే గాజు మాదిరి పెళుసు. నువ్వు లారీ కమాను పట్టీ ముక్క తీసుకో. మొన ఒక్కటే అయస్కాంతం అంటనంత ఎర్రగా కాల్చి పాత ఇంజనాయిల్‌లో ముంచు. అక్కడితో ఆపితే అదీ ఆకురాయే! మొన రుద్ది మెరిపించి, వెనక నించి నిదానంగా వేడి తగిలిస్తే ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఆపైన ఊదా పాకుతా వస్తాయి, ఊదా మొనకి చేరగానే మళ్ళీ ముంచెయ్యి. తల వైపు ముంచబాకు. కొట్టగా కొట్టగా తల పుట్టగొడుగు మాదిరి విచ్చుకుంటుంది, ఆ అంచులు అరగదీస్తా ఉండు, అవీ ఎగురుతాయి.

సుత్తి కొనుక్కో తల్లీ, అది చెయ్యబాకు. నీళ్ళు నిలిచిన గుంతల అంచుకి పోబాకు. నల్లగా, సైజుకి మించిన బరువుండే రాయి దొరికితే సమర్‌స్కైట్ అనే ఖనిజం కావచ్చు, రేడియేషన్ ఉంటుంది, నాకన్నా నీకే తెలుసు, దిండు కింద మాత్రం పెట్టుకోబాకు, నీ అలవాట్లు నాకు తెలవ్వా.

గాగుల్స్ మూడు కొని పెట్టా. నీకొకటే చాలదు, పక్కన నిలబడి తొంగి చూసేవాళ్ళకి కావాలి. కమాను పట్టీ కూడా కోసి ఉంచా, శుక్రవారం వస్తే కొలిమి కాడ ఇద్దరం కూర్చుందాం.

మచ్చ సంగతి మీ నాన్నని అడగబాకు. అడిగినా సైకిలే అంటాడు.

పెదనాన్న