ప్రశ్నలు – జవాబులు: ఒక విషయాన్ని ఎన్నిచోట్ల రాయాలి?

డేటాబేసులు, వెబ్ గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఐదింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. మొదటి ప్రశ్నకు జవాబు కాస్త పెద్దదైంది. మిగిలిన వాటికి అదే పునాది కాబట్టి తగ్గించలేదు.

ప్రశ్న: మా పాఠంలో రిలేషనల్ డేటాబేస్ అంటే ‘పరస్పర సంబంధం ఉన్న పట్టికల సముదాయం’ అని ఉంది. ప్రైమరీ కీ, ఫారిన్ కీ, నార్మలైజేషన్ నిర్వచనాలు కంఠతా వచ్చాయి. కానీ అన్నీ ఒకే ఎక్సెల్ షీటులో రాసుకుంటే సరిపోయేదానికి ఇన్ని పట్టికలు ఎందుకో అర్థం కావడం లేదు. – డిగ్రీ విద్యార్థిని, కాకినాడ

జవాబు: ముందుగా ఆ నిర్వచనం సంగతి చూద్దాం. చాలామంది అనుకునేట్టు ‘రిలేషనల్’ అనే మాట పట్టికల మధ్య ఉండే సంబంధాల నుంచి రాలేదు. గణితంలో ‘సంబంధం’ అంటే క్రమయుగ్మాల సమితి. రెండేసి విలువలకు బదులు నాలుగో, పదో విలువలను ఒక క్రమంలో పేర్చిన వరుసల సమితిని ఊహించుకోండి. మనం టేబుల్ అంటున్నది దాన్నే. అంటే ఒక్క పట్టిక ఉన్నా అది రిలేషనే. సమితి కాబట్టే అందులో ఏ వరుస ముందుంది, ఏది వెనక ఉంది అన్నదానికి అర్థం లేదు, ఒకే వరుస రెండుసార్లు ఉండకూడదు. ఐబీఎం వారి శాన్ హోసే పరిశోధనశాలలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970 జూన్‌లో ప్రచురించిన వ్యాసంలో ఈ ఆలోచనను ప్రతిపాదించారు. అంతకుముందు వాడుకలో ఉన్న డేటాబేసుల్లో ఒక రికార్డు నుంచి మరో రికార్డుకు వెళ్లే దారి ప్రోగ్రామ్ రాసేవారికి తెలిసి ఉండాలి. లోపలి అమరిక మారితే ప్రోగ్రాములు తిరగరాసుకోవాలి. నాకు ఏమి కావాలో చెబుతాను, ఎక్కడ వెతకాలో యంత్రమే చూసుకోవాలి అన్న వెసులుబాటు కాడ్ ఆలోచనతో వచ్చింది. ఆయనకు 1981లో, కంప్యూటర్ రంగంలో అత్యున్నతంగా భావించే ట్యూరింగ్ పురస్కారం లభించింది.

ఇక మీ అసలు ప్రశ్న. మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఇష్యూ రిజిస్టరు ఉందనుకుందాం. ప్రతి వరుసలోనూ సభ్యుని పేరు, చిరునామా, ఫోన్ నంబరు, పుస్తకం పేరు, రచయిత, తీసుకున్న తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ రాస్తారు. ఇదే మీరంటున్న ఒక్క షీటు. ఒక సభ్యురాలు ఏడాదిలో నలభై పుస్తకాలు తీసుకుంటే ఆమె చిరునామా నలభైసార్లు రాసి ఉంటుంది. ఆమె ఇల్లు మారినప్పుడు నలభై చోట్లా దిద్దాలి. ముప్ఫై తొమ్మిది దిద్ది ఒకటి మరిచిపోతే ఆమెకు రెండు ఇళ్లున్నట్టు రిజిస్టరు చెబుతుంది, వాటిలో ఏది నిజమో ఆ రిజిస్టరును బట్టి ఎవరూ తేల్చలేరు. కొత్తగా సభ్యత్వం తీసుకుని ఇంకా ఒక్క పుస్తకమూ తీసుకెళ్లని మనిషిని రాయడానికి చోటే లేదు. పాత వరుసలు కొట్టేస్తే, ఆ ఒక్క వరుసలోనే ఉన్న పుస్తకం మన గ్రంథాలయంలో ఉందన్న సంగతి కూడా దానితోపాటే పోతుంది. మీ పాఠంలోని అప్‌డేట్, ఇన్‌సర్షన్, డిలీషన్ అనామలీలు ఈ మూడే.

ఇది కాగితం మీది బెంగ కాదు. నేను ఇల్లు మారినప్పుడు ఒక కార్యాలయంలో కొత్త చిరునామా రాసి ఇచ్చాను. ఆ తర్వాత డబ్బు కట్టిన రసీదులన్నీ కొత్త ఇంటికే వచ్చాయి. గడువు దాటిందన్న నోటీసు మాత్రం పాత ఇంటికి వెళ్లి, అక్కడి వాళ్లు దయతలిచి ఫోన్ చేసేదాకా నాకు తెలియలేదు. చిరునామాను వాళ్లు రెండుచోట్ల దాచుకున్నారు, ఒకచోటే దిద్దారు.

అందుకే రిజిస్టరును మూడుగా విడదీస్తాం. సభ్యుల పట్టికలో ఒక్కొక్కరికి ఒక్క వరుస, ఒక సభ్యత్వ సంఖ్య. పుస్తకాల పట్టికలో ఒక్కొక్క ప్రతికి ఒక్క వరుస, గ్రంథపాలకులు ఎలాగూ వేసే అక్సెషన్ నంబరు. మూడోది ఇష్యూల పట్టిక. అందులో సభ్యత్వ సంఖ్య, అక్సెషన్ నంబరు, రెండు తేదీలు తప్ప మరేమీ ఉండవు. సభ్యుల పట్టికలో మనిషిని గుర్తించే సంఖ్య ప్రైమరీ కీ. అదే సంఖ్య ఇష్యూల పట్టికలోకి వచ్చి ‘ఫలానా సభ్యురాలు’ అని వేలు చూపిస్తే అక్కడ అది ఫారిన్ కీ. లేని సభ్యురాలి సంఖ్యను ఇష్యూల్లో రాయబోతే డేటాబేస్ ఒప్పుకోదు. పేరునే కీ చేసుకోవచ్చు కదా అని అడగకండి: మన ఊళ్లలో ఎంతమంది వెంకటేశ్వరరావులు ఉంటారో మీకు తెలియనిది కాదు. ఫోన్ నంబరూ పనికిరాదు, అది మారుతుంది, ఇంటిల్లిపాదికీ ఒకటే ఉండవచ్చు కూడా.

విడదీసిన వాటిని కలిపి చూడడం జాయిన్ పని. పుస్తకం తిరిగి ఇవ్వని వారి పేర్లు, ఫోన్ నంబర్లు కావాలంటే ఇలా అడుగుతాం (యంత్రానికి ఇందులోని ఆజ్ఞలను ఇంగ్లీషు లిపిలోనే రాయాలి, ఇక్కడ చదువుకోవడానికి తెలుగులో ఇస్తున్నాను):

సెలెక్ట్ పేరు, ఫోన్ ఫ్రమ్ సభ్యులు జాయిన్ ఇష్యూలు ఆన్ సభ్యులు.సంఖ్య = ఇష్యూలు.సభ్యత్వ_సంఖ్య వేర్ తిరిగి_ఇచ్చిన_తేదీ ఈజ్ నల్

‘ఈజ్ నల్’ అంటే ఆ గడి ఖాళీగా ఉందని. ఏ వరుస నుంచి మొదలుపెట్టాలో, ఎలా వెతకాలో ఇందులో ఎక్కడా లేదని గమనించండి.

ఒక విషయాన్ని ఒకేచోట రాయాలన్నది నార్మలైజేషన్ సారాంశం. అయితే దీన్ని గుడ్డిగా పట్టుకునే విద్యార్థులు ఒకచోట బోర్లా పడతారు. కిరాణా దుకాణం డేటాబేస్‌లో కందిపప్పు ధర సరుకుల పట్టికలో ఉంది కదా అని బిల్లుల పట్టికలోంచి ధరను తీసేస్తారు. రేపు ధర పెరిగితే నిరుటి బిల్లులన్నీ కొత్త ధరకు మారిపోతాయి! ఇవాళ్టి ధర, ఆ రోజు అమ్మిన ధర చూడడానికి ఒకలాగే కనిపించే రెండు వేర్వేరు విషయాలు. రెండింటినీ రాయాల్సిందే. నిర్వచనాలు కంఠతా పట్టడం కంటే, ఏవి రెండు విషయాలు, ఏది ఒకే విషయానికి నకలు అని తేల్చుకోవడమే ఇందులో అసలు కష్టం.

ఎక్సెల్ సంగతంటారా, ఒక్కరే రాసుకునే ఇంటి ఖర్చుల లెక్కకు అది చాలు. ఇద్దరు ముగ్గురు ఒకేసారి రాయడం మొదలైన రోజు ఇబ్బంది మొదలవుతుంది.

ప్రశ్న: ఇంటర్వ్యూలో ‘సీక్వెల్’ అనాలా, ‘ఎస్‌క్యూఎల్’ అనాలా? – ఉద్యోగార్థి, వరంగల్

జవాబు: ఏదన్నా తప్పు పట్టరు. పై జవాబులో పట్టికలను ప్రశ్న అడిగిన భాష ఇదే. 1974లో ఐబీఎంకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఈ భాషను ప్రకటించినప్పుడు దాని పేరు సీక్వెలే. ఆ పేరు మీద వేరొక సంస్థకు ట్రేడ్‌మార్క్ ఉండడంతో తర్వాత ఎస్‌క్యూఎల్‌గా కుదించారు.

ప్రశ్న: రైల్లో ఒక్క బెర్తే మిగిలి ఉన్నప్పుడు, విజయవాడలో ఒకరు, సికింద్రాబాద్‌లో ఒకరు ఒకే క్షణంలో బుక్ చేస్తే ఇద్దరికీ ఎందుకు వెళ్లదు? అంత జాగ్రత్తగా ఉంటే, డబ్బు పోయి టికెట్ రాకపోవడం ఎలా జరుగుతోంది? – విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్గొండ

జవాబు: మాస్టారూ, బెర్తు ఖాళీగా ఉందా అని చూడడం, ఉంటే పేరు రాయడం రెండు పనులు. ఆ రెంటి మధ్యలో మరొకరు దూరితేనే మీరన్న ప్రమాదం. అందుకని డేటాబేస్ ఆ రెండింటినీ కలిపి విడదీయరాని ఒకే పనిగా చేస్తుంది. దాన్ని ట్రాన్సాక్షన్ అంటారు. మొదటి అభ్యర్థన ఆ వరుసకు తాళం వేస్తుంది, రెండోది బయట ఆగుతుంది. మనకు ఒకే క్షణం అనిపించినా అక్కడ ముందూ వెనకా తప్పక తేలుతుంది. మొదటిది పూర్తయి తాళం తీసేసరికి బెర్తు నిండిపోయిందని రెండోదానికి కనిపిస్తుంది. మధ్యలో కరెంటు పోతే, సగం జరిగిన పని మొత్తం రద్దయి మొదటి స్థితికి వస్తుంది. ఈ పద్ధతులకు గట్టి పునాది వేసినందుకు జిమ్ గ్రేకు 1998లో ట్యూరింగ్ పురస్కారం ఇచ్చారు. మన రైల్వే రిజర్వేషన్ కేంద్రాలను కలిపిన ‘కన్సర్ట్’ సాఫ్ట్‌వేర్ 1994లో మొదట పనిచేయడం మొదలుపెట్టింది సికింద్రాబాద్‌లోనే.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. బెర్తు రైల్వే డేటాబేస్‌లో ఉంది, మీ డబ్బు బ్యాంకు డేటాబేస్‌లో ఉంది. రెండు సంస్థల పట్టికలకు కలిపి ఒకే తాళం వేయడం సులువు కాదు. బ్యాంకు తన పని ముగించింది, ఆ కబురు రైల్వేకు చేరేలోపు లైను తెగింది. ఇక రెండు పక్కల లెక్కలను తర్వాత సరిచూసుకుని డబ్బు వెనక్కి వేయడమే మార్గం. ఆ సరిచూడడానికి పట్టేవే మీరు ఎదురుచూసే రోజులు.

ప్రశ్న: ఇంటర్నెట్, వెబ్ ఒకటేనా? మా అమ్మాయి పదో తరగతి ఫలితం చూడడానికి హాల్ టికెట్ నంబరు కొట్టినప్పుడు లోపల ఏం జరిగింది? మొదటి అరగంట ఆ పేజీ ఎందుకు తెరుచుకోలేదు? – గృహిణి, హైదరాబాద్

జవాబు: ఒకటి కాదు. ఇంటర్నెట్ అంటే కంప్యూటర్లను కలిపే వల. దానికి ముందున్న ఆర్పానెట్‌లో మొదటి సందేశం 1969 అక్టోబరు 29న వెళ్లింది. వెబ్ ఆ వల మీద నడిచే ఒక సేవ మాత్రమే, ఈ-మెయిల్ దానికంటే పెద్దది వయసులో. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో రకరకాల యంత్రాల్లో చెదిరి ఉన్న పత్రాలను కలపడానికి టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో వెబ్‌ను ప్రతిపాదించారు. ప్రతి పత్రానికి ఒక చిరునామా (యూఆర్‌ఎల్), అడిగి తెచ్చుకునే పద్ధతి (హెచ్‌టీటీపీ), పేజీలో శీర్షిక ఏది, లంకె ఏది అని గుర్తులు పెట్టే భాష (హెచ్‌టీఎంఎల్): ఈ మూడే దాని సరంజామా. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది.

మీరు వెబ్‌సైటు పేరు కొట్టగానే బ్రౌజర్ ముందు ఆ పేరుకు సంఖ్యా రూపంలో ఉన్న చిరునామా ఏమిటని డీఎన్‌ఎస్ అనే పేర్ల చిట్టాను అడుగుతుంది. ఒకప్పుడు ఈ పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి, నెట్‌వర్క్‌లోని యంత్రాలన్నీ దాన్ని నకలు తీసుకునేవి. కొత్త యంత్రాలు పెరిగేకొద్దీ నకళ్లు పాతబడడం తలనొప్పయింది. పాల్ మొకపెట్రిస్ 1983లో రూపొందించిన డీఎన్‌ఎస్‌లో ఎవరి పేర్లను వారే చూసుకుంటారు. మధ్యలోని యంత్రాలు నకలు ఉంచుకున్నా, అది ఎంతసేపు చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది.

ఆ చిరునామాలోని సర్వరుకు, అంటే అడిగిన పేజీలను అందించే కంప్యూటరుకు, మీ బ్రౌజర్ హాల్ టికెట్ నంబరును పంపింది. మీ అమ్మాయి మార్కుల పేజీ అంటూ అప్పటికి అక్కడ ఏదీ లేకపోవచ్చు. సర్వరు ఆ నంబరుతో డేటాబేస్‌ను అడిగి, వచ్చిన ఒక్క వరుసను పేజీగా అల్లి పంపింది. హాల్ టికెట్ నంబరు ఆ పట్టికకు ప్రైమరీ కీ వంటిది. పేరుతో వెతికితే ఎందరి మార్కులు వచ్చేవో ఊహించుకోండి. లక్షల మంది ఒకే నిమిషంలో అడిగినప్పుడు ఆ అల్లకం పని పేరుకుపోతుంది, మీ వంతు రాకముందే బ్రౌజర్ విసిగి వదిలేస్తుంది. ప్రకటించిన ఫలితం సాధారణంగా గంట గంటకూ మారేది కాదు కాబట్టి, పేజీలను ముందే తయారుచేసి పలు యంత్రాల్లో నకళ్లుగా పెట్టుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. మొదటి జవాబులో నకళ్లను తిట్టిపోశాను గానీ, మారని విషయానికి నకలు తీయడంలో దోషం లేదు.

ఒక చిన్న సూచన: తెర మీద 404 కనిపిస్తే మీ నెట్‌ను తిట్టకండి. సర్వరు దాకా వెళ్లారు, మీరడిగిన పేజీ అక్కడ లేదని అర్థం. అలాగే కొన్ని బ్రౌజర్లు చిరునామా పక్కన చూపే తాళం గుర్తును చూసి సైటు మంచిదని నమ్మవద్దు; దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే అది చెబుతుంది, అవతల ఉన్నది దొంగ కాదని చెప్పదు.

ప్రశ్న: మా సంఘం సభ్యుల పేర్లను తెలుగులో ఎక్కించబోతే కొన్ని పేర్లు ప్రశ్నార్థకాలుగా మారాయి. ఇరవై దాకా అక్షరాలు పడతాయన్న చోట ‘లక్ష్మి’ కూడా పట్టలేదు! – సహకార సంఘం గుమాస్తా, అనంతపురం జిల్లా

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులు. పట్టిక తయారుచేసినవారు ఇంగ్లీషు అక్షరాలకే సరిపోయే పాత అక్షర సమితిని ఎంచుకుంటే, అందులో లేని ప్రతి తెలుగు అక్షరం స్థానంలో ప్రశ్నార్థకం పడుతుంది. అలా పడిన పేరు ఇక వెనక్కి రాదు, మళ్లీ ఎక్కించుకోవాలి. పట్టికను, దానికి పంపే ప్రోగ్రామును రెండింటినీ యూనికోడ్‌కు (ప్రపంచ లిపుల అక్షరాలకు సంకేతాలిచ్చే ఏర్పాటు), అందులోనూ యూటీఎఫ్-8 పద్ధతికి మార్పించండి. ఒక్కదాన్నే మారిస్తే జబ్బు తిరగబెడుతుంది.

‘లక్ష్మి’ సంగతి లెక్కపెట్టి చూద్దాం. కంటికి రెండు అక్షరాలు. యూనికోడ్‌లో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి: ఏడు సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు (బైటు అంటే కంప్యూటరులో చోటుకు కొలత), ఇంగ్లీషు అక్షరానికి ఒకటే. మొత్తం ఇరవై ఒక్క బైట్లు. మీ ఫారంలోని ‘ఇరవై’ అక్షరాల లెక్క కాదు, బైట్ల లెక్క అయి ఉంటుంది. ఒక్క బైటు తక్కువైంది. ఇంటిపేరుతో సహా పట్టాలంటే పేరు గడికి కనీసం రెండు వందల బైట్లు కేటాయించమని సాఫ్ట్‌వేర్ రాసినవారికి చెప్పండి.