అన్నమయ్య పాటకూ కాపీరైటా?

ప్రశ్న: అన్నమయ్య కీర్తన మేమే పాడి యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. అయిదు వందల ఏళ్ల నాటి పాట మీద హక్కెవరిదండీ?
– ఓ పాఠకుడు, తిరుపతి

జవాబు: సాహిత్యం మీద ఎవరికీ లేదు. చిక్కంతా బాణీతోనే. అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరుంది గానీ స్వరాలు లేవు. ఇప్పుడు పాడే వరుసలు చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవే. కట్టినవారు పోయాక 60 ఏళ్లు హక్కుంటుంది. అన్నమయ్య కీర్తనలకు బాణీలు కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో పోయారు, ఆయన బాణీలకు 2039 చివరిదాకా.

రాగం మాత్రం ఎవరి సొత్తూ కాదు. మీరు పాడిన పల్లవికీ, క్లెయిమ్ వేసినవాళ్ల పల్లవికీ స్వరాలు రాసి పక్కపక్కన పెట్టుకోండి. ఎత్తుగడ (పాట మొదలయ్యే తీరు), సంగతులు (ఒకే వరుసను మార్చి మార్చి పాడే తీరులు) అవే అయితే అనుమతి అడగడమే మేలు. వేరైతే క్లెయిమ్ వచ్చిన 5 రోజుల్లోపు యూట్యూబ్‌లో డిస్ప్యూట్ (అభ్యంతరం) వేయండి. అప్పుడు క్లెయిమ్ వచ్చిన మొదటి రోజు నుంచీ వీడియో ఆదాయాన్ని యూట్యూబ్‌వాళ్లు పక్కన పెడతారు. జవాబివ్వడానికి అవతలివాళ్లకు 30 రోజుల గడువు. ‘అన్నమయ్యది కదా’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే నిలవదు, స్వరాల తేడా చూపండి.