బ్రేకు పడని చోటు రాయమ్మా

అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం, దాంతో పాటు పెట్టిన ఉత్తరం అందాయి. వ్యాసం రెండుసార్లు చదివాను. ఉత్తరం మాత్రం ఇంకా బల్ల మీదే ఉంది, మళ్లీ మళ్లీ తీసి చూస్తున్నాను.

సైకిల్‌కి హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, అంటే ఆయిల్ ఒత్తిడితో పనిచేసేవి, సొంతంగా బిగించుకోవడం గురించి రాశావు. పాత కేబుల్ బ్రేకులు విప్పడం, చక్రంతో పాటు తిరిగే పళ్లెం లాంటి రోటర్ బిగించడం, ఆ రోటర్‌ని ప్యాడ్లతో రెండు పక్కలా పట్టే క్యాలిపర్ కూర్చోబెట్టడం, ఆయిల్ వెళ్లే హోస్ పైపు కత్తిరించడం, లీవర్ బిగించడం అన్నీ వరసగా ఉన్నాయి. చివర ‘ఇక మీ సైకిల్ రెడీ, హ్యాపీ రైడింగ్’ అన్నావు. ఉత్తరంలో సంతకం కింద తా.క. అని పెట్టి నాలుగు వాక్యాలు రాశావు. బ్రేకులు బిగించుకుని అనంతగిరి గుట్ట దిగుతుంటే ఒక మలుపులో వెనక బ్రేకు లీవర్ హ్యాండిల్‌కి అంటుకుపోయిందనీ, సైకిల్ ఆగక పక్క పొదల్లోకి పోనిచ్చావనీ, మర్నాడు చూస్తే లీవర్ దగ్గర పైపు మొదట్లో వేలికి జిడ్డు తగిలిందనీ. ‘ఇది వ్యాసంలో పెడితే చదివేవాళ్లు భయపడతారని తీసేశాను’ అని కూడా రాశావు.

నీకు ఆ సంకోచం నేర్పినవాళ్ల మీద నాకు చాలా కోపం వచ్చింది.

పని నేర్పే వ్యాసానికి ప్రాణం ఆ నాలుగు వాక్యాల్లోనే ఉందమ్మా. ఏ బోల్టు ఎంత బిగించాలో కంపెనీ మాన్యువల్లో ఉంటుంది. ఏ పనిముట్టు ఎలా పట్టుకోవాలో వీడియోలో కనిపిస్తుంది. పని చెడినప్పుడు లీవర్ వేలి కింద ఎలా ఉంటుందో, ఎక్కడ చెడిందో ఎలా పోల్చుకోవాలో, ఆ లీవర్ నొక్కినవాళ్లు చెబితే తప్ప ఎవరికీ తెలియదు. అది రాయకపోతే నువ్వు రాసిన మిగతాదంతా మాన్యువల్‌కి ఇంకో కాపీ. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడలేదు, నిన్నూ పడనివ్వను.

నీ వ్యాసంలోంచే చూపిస్తాను. హ్యాండిల్‌ని అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి, పైపు లాగకుండా ఉంటుందో లేదో చూసుకున్నాకే కత్తిరించమన్నావు. అది చేత్తో చేసినవాళ్లు రాసే మాట, బాగుంది. ఆ వెంటనే ‘నట్టు బిగించి పైపును లీవర్‌కి కలపాలి’ అని ఒక్క వాక్యంతో దాటేశావు. నువ్వు పొదల్లోకి వెళ్లింది సరిగ్గా ఆ వాక్యం దగ్గరే. ఆ నట్టు కింద ఆలివ్ అనే చిన్న ఇత్తడి రింగు ఉంటుంది. నట్టు బిగిస్తున్నకొద్దీ అది నలిగి పైపును చుట్టూ పట్టేస్తుంది. ఆయిల్ బయటికి రాకుండా ఆపేది ఆ నలగడమే. ఒకసారి నలిగిన రింగు రెండోసారి అంత బాగా పట్టదు, కొత్తది వెయ్యాల్సిందే. పైపు లోపల ఇన్సర్ట్ అని సన్నటి గొట్టం ముక్క దిగుతుంది. ఆలివ్ నొక్కుతున్నప్పుడు పైపు లోపలికి అణగిపోకుండా ఆదుకునేది అది. పైపు ఏటవాలుగా తెగితే ఆ ముక్క సరిగ్గా కూర్చోదు. నువ్వు కొనాల్సిన సామాన్ల పట్టిక ఇచ్చావు కదా, అందులో కొత్త ఆలివ్ లేదు, ఇన్సర్ట్ లేదు. పాతవే వాడి ఉంటావని నా అనుమానం. నీ వ్యాసం నమ్ముకున్నవాళ్లూ పాతవే వాడతారు.

బ్లీడింగ్ గురించి, అంటే పైపులోని గాలిని బయటికి తోసెయ్యడం గురించి, ‘అవసరమైతే చేసుకోవచ్చు’ అని రాశావు. పైపు విప్పావంటే గాలి దూరడానికి దారి ఇచ్చినట్టే. ఆయిల్‌ని ఎంత నొక్కినా కుంచించుకోదు కాబట్టే నీ వేలి బలం పైపు వెంట వెళ్లి క్యాలిపర్‌లో పిస్టన్‌ని తోస్తుంది. గాలి అలా కాదు, నొక్కితే నొక్కుకుపోతుంది. నీ బలమంతా ఆ బుడగను నొక్కడానికే ఖర్చయి ప్యాడ్ దాకా చేరదు. ఒక్క బుడగ కూడా దూరకుండా పైపు మార్చే చెయ్యి తిరిగిన మెకానిక్‌లు ఉన్నారు. మొదటిసారి చేసేవాళ్లకి మాత్రం బ్లీడింగ్ తప్పదని ఖచ్చితంగా చెప్పాలి. మొదట చక్రం, ప్యాడ్లు తీసేసి పిస్టన్ల మధ్య బ్లాక్ అనే దిమ్మ పెట్టాలి. ఎందుకంటే ప్యాడ్ మీద ఆయిల్ చుక్క పడితే ఆ ప్యాడ్ పనికి రాదు. చక్రం లేనప్పుడు పొరపాటున లీవర్ నొక్కితే పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి, ఆ బ్లాక్ దానికీ అడ్డం. షిమానో కంపెనీ బ్రేకులైతే లీవర్ మీద గరాటు పెట్టి, కింద క్యాలిపర్ దగ్గర సిరంజితో ఆయిల్ ఎక్కిస్తారు. కింది నుంచి ఎందుకంటే బుడగ పైకే పోతుంది కాబట్టి. పైపును వేలితో తడుతూ ఉంటే అంటుకున్న బుడగలు కూడా కదులుతాయి. ప్రతి పనికీ ఒక ‘ఎందుకంటే’ వస్తోంది చూడు. అది లేని వాక్యం నీ వ్యాసంలో ఎక్కడున్నా తిరగరాయి.

‘బ్రేక్ ఆయిల్ పోయాలి’ అన్నావే, అది చదివినప్పుడు నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. నీ పాఠకుడు ఏం చేస్తాడో ఊహించు. సందు చివర మోటార్ సైకిల్ మెకానిక్ దగ్గరికి వెళ్తాడు. అక్కడ అరలో ఉండేది మోటార్ బళ్లకి పోసే డాట్ రకం ఆయిల్, డాట్ 3 గానీ డాట్ 4 గానీ. తన సైకిల్‌కి ఉన్నది షిమానో బ్రేకు. దానికి పోయాల్సింది మినరల్ ఆయిల్. మగురా, టెక్ట్రో కూడా మినరల్ ఆయిలే. స్రామ్ కంపెనీ బ్రేకుల్లో ఎక్కువ వాటికి డాట్, ఈమధ్య వచ్చిన కొన్నిటికి మినరల్. లోపలున్న రబ్బరు సీళ్లు ఒక రకం ఆయిల్‌కే తయారైనవి, రెండోది తగిలితే ఉబ్బి పాడవుతాయి. పోసినరోజు ఏమీ తెలియదు, ఆ తర్వాత ఏదో ఒక దిగుడులో తెలుస్తుంది. ఈ విషయం వ్యాసం మొదట్లోనే, సామాన్లు కొనకముందే రావాలి.

ఇంకొకటి. ‘ఎడమ లీవర్ ముందు చక్రానికి, కుడి లీవర్ వెనక చక్రానికి’ అని రాశావు. అది అమెరికా పద్ధతి, ఏదో అమెరికా మాన్యువల్‌లోంచి దిగుమతి అయింది. మన దగ్గర మోటార్ సైకిల్ నడిపే ప్రతివాళ్లకీ కుడిచెయ్యి ముందు బ్రేకుకి అలవాటుపడి ఉంటుంది. కంగారులో చెయ్యి అలవాటు ప్రకారమే నొక్కుతుంది. పైగా హైడ్రాలిక్ బ్రేకుల్లో తర్వాత అటూ ఇటూ మార్చాలంటే పైపు విప్పి మళ్లీ బ్లీడింగ్ చెయ్యాలి. కాబట్టి పైపు కత్తిరించకముందే ఏది ఏ చేతికో తేల్చుకోమని చెప్పాలి.

రోటర్ బోల్టుల దగ్గర అంకెలు ఇచ్చావు, షిమానోకి 2 నుంచి 4 న్యూటన్ మీటర్లు, స్రామ్‌కి 6.2. సరిగ్గానే ఉన్నాయి. బిగింపు కొలిచే టార్క్ రెంచ్ లేనివాళ్ల సంగతేమిటి? ఆరు బోల్టులూ చుట్టూ వరసగా కాకుండా ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగిస్తూ రమ్మను. లేకపోతే రోటర్ ఒక పక్కకి లాగి ప్యాడ్‌ని రాసుకుంటుంది. ఆ బోల్టులకి పట్టే నక్షత్రం మొన టీ25 తాళాన్ని చివర కాకుండా మెడ దగ్గర పట్టుకోమను, అప్పుడు చెయ్యి అతిగా బిగించలేదు. ఆ తాళం కొన్నాకే పని మొదలుపెట్టమని కూడా రాయి.

నాకు ఈ మొండితనం ఎక్కడిదో చెప్తాను. నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక వారపత్రికకి పంపుసెట్టు గురించి వ్యాసం పంపాను. మా నాన్నతో పాటు కాలవగట్ల మీద మోటార్లు బాగుచేస్తూ తిరిగినవాణ్ని, తెలిసిందంతా పెట్టి రాశాను. అందులో ఒక పేరా నీళ్లు పీల్చే సక్షన్ పైపులో గాలి పట్టడం గురించి. మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు కాసేపు వచ్చి తెగిపోతాయి, అప్పుడు పైపు అడుగునుండే ఫుట్‌వాల్వ్, జాయింట్లు చూడాలి, ఉత్తి మోటారు తిప్పుతూ ఉంటే సీలు కాలిపోతుంది అని. ఎడిటర్‌గారు ఆ పేరా మొత్తం కొట్టేసి, ‘సమస్య వస్తే మెకానిక్‌ను సంప్రదించండి’ అని ఒక వాక్యం పెట్టారు. అడిగితే, పాఠకుణ్ని భయపెట్టకూడదయ్యా, ఉత్సాహపరచాలి అన్నారు. తర్వాత తణుకు వైపు నుంచి ఒక రైతు ఆ పత్రిక కాగితం జేబులో మడిచి పెట్టుకుని మా ఊరు వెతుక్కుంటూ వచ్చాడు. ‘మీరు రాసినట్టే చేశాను బాబూ, మోటారు తిరిగింది, నీళ్లు రాలేదు, వస్తాయేమో అని తిప్పుతూనే ఉన్నాను’ అన్నాడు. సీలు కాలిపోయింది. ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. నా చేత్తో రాసిన అసలు పేరా తీసి చదివి వినిపించాను. ‘ఇది వేసి ఉంటే చాలదా’ అన్నాడు. ఆ ఎడిటర్‌గారి మీద నాకు ఈరోజుకీ కోపం తగ్గలేదు.

ఇప్పుడు ఎడిటర్లు మారారు, పద్ధతి మారలేదు. ‘పది నిమిషాల్లో’, ‘చాలా సింపుల్’, ‘ఎవరైనా చెయ్యొచ్చు’ అని శీర్షిక పెట్టందే వెయ్యరు. బ్రేకులు బిగించడం పది నిమిషాల పని అని నమ్మినవాడు పదకొండో నిమిషంలో విసుగొచ్చి బ్లీడింగ్ వదిలేస్తాడు. అలాంటి శీర్షిక పెడతామంటే వ్యాసం వెనక్కి తీసుకో.

నీ ఆరంభం కూడా తీసెయ్యి. సైకిల్ ఆరోగ్యానికి మంచిదని ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. మౌంటెన్ బైక్ పుట్టిన కథలోనే బ్రేకు ఉంది, అక్కడ మొదలుపెట్టు. కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ కుర్రాళ్లు పాత బరువు సైకిళ్లు తీసుకుని కొండ దారుల్లో కిందికి పందెం వేసుకునేవారు. 1976లో మొదలైన ఆ పందేల్లో పేరున్నది రీప్యాక్. ఆ సైకిళ్లకి పెడల్ వెనక్కి తొక్కితే పడే కోస్టర్ బ్రేకులు ఉండేవి. కొండ దిగేసరికి చక్రం మధ్యలోని హబ్ కాలిపోయి లోపలి గ్రీజు పొగై పోయేది. మళ్లీ గ్రీజు కూరితే తప్ప సైకిల్ పనికొచ్చేది కాదు. ఆ కూరడం వల్లే ఆ దారికీ పందేనికీ ఆ పేరు. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ లాంటివాళ్లు తమ బ్రేకుల తంటాని దాచుకోకుండా పందేనికే పేరుగా పెట్టుకున్నారు. నువ్వు నీ మలుపుని ఎందుకు దాచాలి?

ఉత్తరంలో ఒక ప్రశ్న కూడా అడిగావు. వీడియోలు ఇన్ని ఉండగా తెలుగులో ఎందుకు రాయాలన్నదానికి పైన చెప్పినదే జవాబు. వీడియో తీసేవాళ్లు చెడిన టేకులు కోసేస్తారు, నువ్వు వాటినే రాయి.

తిరగరాసేటప్పుడు ఆ మలుపు దగ్గర నాకు ఇంకా వివరాలు కావాలి. పొదల్లో నిలబడ్డాక లీవర్‌ని వరసగా నొక్కి చూశావా? నొక్కుతున్నకొద్దీ గట్టిపడితే లోపల గాలి ఉన్నట్టు. కాసేపు ఆగి చల్లారాక దానంతట అదే గట్టిపడితే ఆయిల్ మరిగిందేమో చూడాలి. డాట్ 5.1 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 260 డిగ్రీల దాకా మరగదు, గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హామీ 180కి పడిపోతుంది. ఎంత నొక్కినా, ఎంతసేపు ఆగినా మెత్తగానే ఉంటే ఆయిల్ కారిపోతున్నట్టు. నీకు జిడ్డు తగిలింది కాబట్టి జాయింటే అని నేను అనుకుంటున్నాను, కానీ నువ్వు చూసింది నువ్వే రాయాలి. ఈ మూడు తేడాలు ఒక పేరాలో పెట్టావంటే ఆ వ్యాసం కత్తిరించి దాచుకుంటారు.

ఈలోగా ఆ సైకిల్ ఎక్కకు. కొత్త ఆలివ్, కొత్త ఇన్సర్ట్ వేసి, బ్లీడింగ్ చేసి, లీవర్‌ని గట్టిగా నొక్కి ఓ నిమిషం అలాగే పట్టుకుని జాయింటు చుట్టూ పొడి కాగితం తిప్పి చూడు. కాగితానికి మరక అంటితే మళ్లీ విప్పాల్సిందే. ప్యాడ్లకి జిడ్డు తగిలి ఉంటే మార్చెయ్యి, రోటర్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఇక వేలితో ముట్టుకోకు. తర్వాత చదునైన ఖాళీ రోడ్డు మీద, వేగం అందుకుని నడక వేగానికి తగ్గించడం ఓ ఇరవైసార్లు చెయ్యి, చక్రం పూర్తిగా పట్టెయ్యకుండా. కొత్త ప్యాడ్ రోటర్‌కి అలవాటు పడేది అప్పుడే. గుట్ట ఆ తర్వాత.

నీ బ్రేకులు ఏ కంపెనీవో వ్యాసంలోనూ రాయలేదు, ఉత్తరంలోనూ రాయలేదు. వెంటనే తెలియజెయ్యి, ఏ ఆయిల్ కొనాలో చెప్తాను.

ఆశీస్సులతో.